కొత్తగుడ్డకు ఒప్పని మా తోటికోడలు

మా తోటికోడలు పోయిందని పొద్దున్నే ఫోనొచ్చింది. మా ఆయన చొక్కా తొడుక్కున్నారు. నేను చీర మార్చుకోవడానికి లేచాను. నందిగాం నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న మా అమ్మ, గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. నాకు అయిదో నెల. కడుపుతో ఉన్న ఆడది శవాన్ని చూడకూడదు, ఆ ఇంటి గడప తొక్కకూడదు, కుదిరితే ఆ వీధి పేరే ఎత్తకూడదు. నేను వాదించాను, అరిచాను. మా అమ్మ కదల్లేదు. చివరికి నన్ను కూర్చోబెట్టింది ఆమె మాట కూడా కాదు. ఈ పట్టింపుల విషయంలో మా ఉద్దానం మొత్తానికి అందరికంటే మొండిమనిషి ఎవరంటే, ఆ పోయినావిడే. ఆవిడే లేచి మాట్లాడగలిగితే నన్ను వీధి మొదట్లోనే ఆపి, "సదువుకున్నావు కదేటి, ఈమాత్రం తెల్దా?" అని బస్సెక్కించి వెనక్కి పంపేసేది.

అలా, ఆవిడ పెట్టుకున్న నియమమే ఆవిడ ఆఖరి చూపు నాకు లేకుండా చేసింది. నాకు ముందు కోపమే వచ్చింది. ఏడుపు మధ్యాహ్నానికి గానీ రాలేదు.

సాయంత్రం తిరిగొచ్చిన మా ఆయన పెరట్లోనే నీళ్లు పోసుకుని, తడిబట్టలతో చాలాసేపు నూతి దగ్గరే ఉండిపోయారు. భార్య కడుపుతో ఉందని ఆయన్ని పాడె కూడా పట్టనివ్వలేదట. వదిన చేతి అన్నం తిని పెరిగిన మనిషి. చేతులు ఊపుకుంటూ వెనకాల నడిచానన్నారు.

కిడ్నీలు. మా వైపు నడివయసులో ఎవరు పోయినా ఎలా పోయారని అడగరు, ఎన్నాళ్లు విశాఖపట్నం తిరిగారని అడుగుతారు.

ఆవిడ నిమ్మాడ నుంచి ఆ ఇంటికి పెద్దకోడలుగా వచ్చింది. నేను అడుగుపెట్టేసరికి మా అత్తగారు లేరు. అందుకని అత్తరికం, తోటికోడలరికం రెండూ ఆవిడే చేసింది. నేను "అప్పా" అని పిలిచేదాన్ని. పుస్తెలతాడుకి గుత్తిగా పిన్నీసులు వేలాడుతుండేవి. రవిక హుక్కు ఊడినా, పిల్లల జోళ్ల పట్టీ తెగినా, బియ్యం బస్తా చిరిగినా అందులోంచి ఒకటి లాగి గుచ్చేసేది. దాంతో ఆవిడ దృష్టిలో ఆ పని అయిపోయినట్టే. మనిషితో మాట్లాడేటప్పుడు మొహం చూసేది కాదు. ఒళ్లో చేటో, కొబ్బరి ఈనెలో, ఏదో ఒకటి ఉండేది. దానితోనే మాట్లాడుతున్నట్టుండేది. నాకు మండిపోయేది.

నేను పలాసలో డిగ్రీ చదివి అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. కాలు ఒకచోట నిలిచే రకం కాదు. పెళ్లయిన ఏడాదే కడుపు వచ్చి, మూడో నెలలో పోయింది. పోయిందని నలుగురికీ చెప్పడానికైనా, ఉందని నలుగురికీ తెలిసి ఉండాలి కదా. అదీ లేదు. ఆ రోజు ఆవిడ ఒక్క ఓదార్పు మాట అనలేదు. వేడినీళ్లు కాచి పోసింది. మూడోనాడు చింతపండు తెచ్చి నా ముందు పోసి, గింజలు తియ్యమంది.

మళ్లీ నెల తప్పినప్పుడు టెక్కలి డాక్టరమ్మ ఏడో నెల వచ్చేదాకా బస్సెక్కొద్దంది, బరువులెత్తొద్దంది. స్కూలు మానేశాను. ఇంట్లో మిగిలింది నేను, గాలికి గీరుకునే కొబ్బరిమట్టల చప్పుడు, ఆవిడ. పిచ్చెక్కేలా ఉండి, హాస్టల్లో నేర్చుకున్న కుట్టుపని చేసుకుంటానన్నాను. ఆవిడ వెంటనే మొదలెట్టింది. మిషను తొక్కకూడదు. గుమ్మంలో కూర్చుని కుట్టకూడదు. దీపాలవేళ సూది పట్టకూడదు. గ్రహణం నాడు సూది ఉన్న గదిలోకే వెళ్లకూడదు. ఇవన్నీ విని సరే అన్నాను. అప్పుడు అసలుది చెప్పింది.

"లోపలున్నదానికి మాత్రం కుట్టకు. పుట్టకముందు కొత్తగుడ్డ కుట్టకూడదు. పుట్టినాక పాతగుడ్డే తొడగాల."

మరి ఎవరికి కుట్టమంటావు అన్నాను.

"ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం. మేం మనుసులం కాదేటి?"

సరే, మనుషులకే కుట్టాను. మా బావగారికి దిండు గలీబు చేసి, మధ్యలో ముడికుట్టుతో గులాబీ వేశాను. ఆయన దాని మీద తలపెట్టి మధ్యాహ్నం నిద్రపోయి, కుడిచెంప మీద గులాబీ అచ్చుతో కాశీబుగ్గ సంతకి వెళ్లారు. జనం ఆపి ఆపి అడిగారట. ఆ రాత్రి నుంచి గలీబు తిరగేసి వేసుకున్నారు. వాళ్ల పిల్లలకి రుమాళ్లు కుట్టాను. వాటిలో గోళీలు కట్టుకుని బడికెళ్లారు. ఆవిడకని ఒక బల్లగుడ్డ తీసుకుని, పట్టుదారంతో పురి విప్పిన నెమలిని కుట్టాను. కళ్లు లాగేసి తలనొప్పి వచ్చింది గానీ, అలాంటి నెమలి నేను మళ్లీ కుట్టలేదు. ఆవిడ రెండు వైపులా తిప్పి చూసి, బాగుందని తల ఊపి లోపలికి తీసుకెళ్లింది. వారం తిరక్కుండా వంటింట్లోకి వెళితే, ఆవకాయ జాడీలకి వాసెన కట్టి ఉంది. ఒక జాడీ మీద నెమలి తల, ఇంకో జాడీ మీద తోక.

నేను నోరు తెరిచేలోపు ఆవిడే అంది, గుడ్డ దిట్టంగా ఉందని, చీమ దూరదని. మెచ్చుకోలే అది. ఆవిడ దగ్గర అంతకంటే పెద్ద మెచ్చుకోలు దొరకదని నాకు తరవాత తెలిసింది.

కానీ నా చెయ్యి పీకుతున్నది వీళ్లెవరి కోసమూ కాదు. మొదటిది పోయినప్పుడు దాని గుర్తుగా చేత్తో తాకడానికి నా దగ్గర ఒక దారప్పోగు లేదు. ఉందో లేదో నాకే అనుమానం వచ్చేంతగా తుడిచిపెట్టుకు పోయింది. ఈసారి అలా కాకూడదనుకున్నాను. వస్తుందన్న నమ్మకం ఒక గుడ్డముక్క రూపంలోనైనా నా చేతిలో ఉండాలి. ఇది ఆవిడకి చెప్పే ధైర్యం లేక, వేరే వైపు నుంచి వచ్చాను. ముందుగా గుడ్డలు కుట్టినందువల్ల నీకేమైనా జరిగిందా అప్పా, అని మెల్లిగా అడిగాను. ఏదో కథ ఉంటుంది, కన్నీళ్లుంటాయి, అప్పుడైనా ఈ మొండితనాన్ని నేను క్షమించొచ్చు అనుకున్నాను.

"నాకేటవుతాది? ఏటీ అవనేదు," అంది చేటలో రాళ్లేరుతూ. "కుట్టకూడదంతే."

ఇలాంటి మనిషితో ఏం చెయ్యాలి?

దొంగతనంగా కుట్టాను. మా ఆయన పలాస నుంచి మెత్తటి తెల్లగుడ్డ తెచ్చిపెట్టారు. ఆవిడ జీడితోటకి వెళ్లిన మధ్యాహ్నాల్లో తలుపు గడియ పెట్టుకుని, జానెడు వెడల్పు గౌను ఒకటి కుట్టాను. అంచు చుట్టూ నీలం దారంతో చేపపిల్లలు, ఒకదాని తోక వెనక ఒకటి. అయిపోయాక మడతపెట్టి నా పెట్టెలో లోపావడాల కింద దాచాను. రోజుకి ఒకసారైనా చెయ్యి పెట్టి తడుముకునేదాన్ని.

ఏడో నెలలో పుట్టింటికి బయల్దేరిన రోజున పెట్టె సర్దుతుంటే గౌను లేదు. లోపావడాలన్నీ దులిపాను. మంచం కింద చూశాను. పరుపు ఎత్తబోయాను. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటి ఎతుకుతన్నావు?"

ఏం లేదప్పా, అన్నాను. ఇంకేమనగలను? అడగాలంటే కుట్టానని ఒప్పుకోవాలి. బస్సు టైమైపోతోందంది. నా సంచి తనే ఎత్తుకుని ముందు నడిచింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చూస్తే ఆ మొహంలో ఏమీ లేదు. ఎప్పటిలాగే ఎటో చూస్తోంది.

నందిగాంలో ఉన్నన్నాళ్లూ ఆ గౌను గురించే ఇంట్లోవాళ్లని కాల్చుకు తిన్నాను. పొయ్యిలో పెట్టేసిందన్నాను ఒకరోజు. దాంతో లాంతరు చిమ్నీ తుడుస్తోందన్నాను ఇంకోరోజు. నెమలి గతి చూసినదాన్ని కదా, ఏ నిమ్మకాయ జాడీ మీదో చేపపిల్లలు కనబడుతూనే ఉండేవి. ఆదివారం వచ్చిన మా ఆయనతో, మీ వదినని అడగండి అన్నాను.

"ఆవిడని? నేనా?" అన్నారు. అంతే. తెచ్చిన అరటిపళ్లు బల్ల మీద పెట్టి, మా నాన్నతో వరి గురించి మాట్లాడ్డానికి వెళ్లిపోయారు.

ఎండలు ముదిరిన రోజుల్లో టెక్కలి ఆస్పత్రిలో నాకు కూతురు పుట్టింది. క్షేమంగా, గట్టిగా ఏడుస్తూ. నేను ఇంకా మంచం దిగకముందే మా తోటికోడలు బస్సు దిగి, చెమటతో, పెద్ద మూటతో వచ్చింది. పిల్లని చూసి పోలిక ఎవరిదో ఒక మాట అంది. మంచం మీద మూట విప్పింది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన పాతచీరల పొత్తిగుడ్డలు. వాళ్లమ్మవి కొన్ని, తనవి కొన్ని. మధ్యలోంచి ఒకటి తీసి దులిపింది.

నేను పోల్చుకోవడానికి కొంత సేపు పట్టింది. తెలుపు పోయి గంజిరంగు వచ్చేసింది. నీలం చేపలు వెలిసిపోయాయి. ఒక చేపకి తల ఊడింది. మెడ దగ్గర నా సన్నకుట్టు విప్పేసి, ఎర్రదారంతో బస్తా కుట్టినట్టు పెద్ద పెద్ద కుట్లు వేసి ఉన్నాయి. పొట్ట మీద అరచెయ్యంత గోధుమరంగు మరక.

"ఇది నాది," అన్నాను.

"మరి నాదేటి?"

"ఏం చేశావప్పా దీన్ని?"

"పాతది సేసినాను," అంది. "మన ఈదిలో ముగ్గురు పిల్లలకి తొడిగించి, ఉతికించినాను. ముగ్గురూ ఇనపగుళ్లల్లే ఉన్నారు. ఇప్పుడిది పాతగుడ్డే. తొడుగు."

మరకేమిటని అడిగితే జీడిపండు రసమంది. చంటిదాన్ని ఎత్తుకుని వాళ్లక్క పండు తిన్నదట. జీడిపండు రసం చస్తే పోదు, మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. పోతే పోయింది, వేరే దిష్టిచుక్క పెట్టక్కర్లేదంది. మెడ ఇరుకైందని తనే విప్పిందట. ఆ విప్పడం ఎంత విప్పిందంటే, గౌను తొడిగినన్నాళ్లూ నా కూతురి భుజం మీంచి జారి మోచేతి దగ్గరికొస్తూనే ఉండేది. ఆ మాట ఎన్నిసార్లు అన్నా ఆవిడ ఒప్పుకోలేదు. పిల్ల భుజాలదే తప్పంది.

అప్పుడు నాకు కృతజ్ఞత పుట్టిందని రాస్తే అబద్ధం. ఏడ్చాను, కోపంతో. నా చేపలన్నీ నాశనం చేసిందని మా అమ్మతో చెప్పుకుని ఏడ్చాను. మా తోటికోడలు వినబడనట్టే పిల్లకి గౌను తొడిగి, భుజం మీద వేసుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

చాన్నాళ్ల తరవాత మా వీధి చివరింటావిడ చెబితే తెలిసింది. ఆ ఇంటికీ మా ఇంటికీ గట్టు మీది కొబ్బరిచెట్టు దగ్గర ఏళ్ల నాటి తగువు. మాటల్లేవు. పెళ్లికి పిలుపుల్లేవు. అప్పట్లో వీధిలో చంటిపిల్లలున్న ఇళ్లలో అదొకటి. ఒకరోజు మధ్యాహ్నం మా తోటికోడలు కొంగు కింద గౌను పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడిందట. కారణం చెప్పలేదట. "మీ గుంటకి రెండ్రోజులు తొడుగు, మాసినాక నానే ఉతుక్కుంతాను," అని ఇచ్చి, చెట్టు ఊసెత్తకుండా వచ్చేసిందట. మళ్లీ తీసుకోవడానికి వెళ్లినప్పుడు వాళ్లు మంచినీళ్లిస్తే తాగిందట. అలా మొదలైందమ్మా మాట్లాడుకోవడం, అందావిడ.

ఆ నియమం తను వదులుకోలేదు. నా గౌనూ పారెయ్యలేదు. పెట్టెలో అది దొరికిన రోజున నాతో తగువు పెట్టుకుని ఉంటే ఎంత తేలికయ్యేది. ఇలా చేస్తున్నానని ఒక్కమాట చెప్పి ఉన్నా నేను రెండు నెలలు తిండి సయించక కుమిలిపోయి ఉండేదాన్ని కాదు. ఇప్పటికీ నాకు ఆ కోపం అలాగే ఉంది. ఆవిడ పోయిందని తగ్గించుకోవడం నాకు చేతకావడం లేదు.

మా ఆయన ఉద్యోగం వల్ల టెక్కలి వచ్చేశాక పండగలకీ పబ్బాలకీ వెళ్లేవాళ్లం. కిందటేడు ఆవిడ కాళ్లు వాచాయి. ఎండలో తిరిగి వాచాయంది. తరవాత మొహం. విశాఖపట్నం తిప్పడం మొదలుపెట్టారు. ఆఖరిసారి చూసినప్పుడు మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో చేట లేదు. ఖాళీ ఒళ్లో ఉబ్బిన చేతులు పెట్టుకుని, మొదటిసారి నా మొహంలోకి చూసి మాట్లాడింది. అది నాకు ఏమాత్రం నచ్చలేదు. నాకు నెల తప్పిందని చెప్పాను. ఎన్నో నెల, వాంతులున్నాయా అని అడిగింది. ఈసారి ముందే కుడతాను, దాచుకోను కూడా, నీ ఎదురుగానే చెబుతున్నాను అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవాలనే అన్నాను.

"కుట్టుకుంతే కుట్టుకో," అంది. "పాతది ఎవులు సేత్తారో సూసుకో మరి."

పెద్దకర్మ అయిపోయి, మైల తీరాక, పట్టపగలు, తలుపులు తీసుకునే మొదలుపెట్టాను. మా అమ్మ చూసి గొణిగింది గానీ ఆపలేదు. ఆపడానికి ఆ పోయినావిడంత గట్టిమనుషులు మా ఇంట్లో ఇంకెవరూ లేరు. తెల్లగుడ్డే. మెడ కాస్త వెడల్పుగా తీశాను. నిన్నటికి అయిపోయింది. ఇస్త్రీ చేసి మడతపెడితే, గంజి వాసనతో, ఒక్క ముడత లేకుండా, చూడ్డానికి ఎంతో బాగుంది. రాత్రంతా అది బల్ల మీదే ఉంది.

పొద్దున్న పనులయ్యాక దాన్ని తీసుకుని మా కింది వాటాలో ఉండే అమ్మాయి దగ్గరికి వెళ్లాను. వాళ్లకి నాలుగు నెలల పాప. నాతో పలకరింపులే తప్ప పెద్ద చనువు లేదు. గౌను చూసి, మాకెందుకండీ ఇంత మంచిది, అంది. ఇవ్వడం కాదు, రెండు రోజులు తొడిగి తిరిగిచ్చెయ్యండి అన్నాను. మాసినా పరవాలేదు, ఉతక్కండి, నేనే ఉతుక్కుంటాను అన్నాను. ఆ పిల్ల నా వైపు వింతగా చూసి, ఎందుకని అడిగింది. చెప్పొచ్చు. చెప్పాలనిపించలేదు. ఊరికే తొడగండి, అన్నాను.

తొడిగింది. పాపని చాప మీద పడుకోబెట్టి తను వంటింట్లోకి వెళ్లింది. నేను గోడకి జారబడి పక్కనే కూర్చున్నాను. పాప పిడికిలి మొత్తం నోట్లో కుక్కుకుని చీకుతూ ఫ్యానుకేసి చూస్తోంది. చొంగ గడ్డం మీంచి జారి, మెడ కుట్టు దాటి, తెల్లగుడ్డ మీద మెల్లగా పాకుతోంది. తుడవడానికి చెయ్యి లేచింది. వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను.