కొంగులు లేని బొంత

1998 జూన్ 14, ఆదివారం, ఉదయం పదీ పది నిమిషాలకు అమ్మ చీరల మీద కత్తెర పెట్టాను. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ రోజుల్లో పప్పు నానబోసిన వేళ కూడా నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. మొన్న మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎవరో అమ్మాయి గుడ్డ పట్టీలను చాపలా అల్లి, మీద చేత్తో కుట్లు వేస్తోంది. "స్కేలు అక్కర్లేదట అమ్మమ్మా, గీతలూ అక్కర్లేదట. తోచినట్టు కుట్టుకోవచ్చట. కొత్త పద్ధతి" అంది. కొత్తేమీ కాదు, గౌడవెల్లి అవ్వ పద్ధతే అన్నాను. ఆవిడెవరంది. అందుకని ఆ పుస్తకం వెతికి తీశాను.

అప్పటికి మేము గుండ్లపోచంపల్లిలో ఇల్లు కట్టుకుని రెండేళ్లు. మాది గుంటూరు వైపు. ఇరవై తొమ్మిదేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, ఆ ఏప్రిల్‌లోనే రిటైరయ్యాను. అమ్మ అంతకు ముందు ఏడాది పోయింది. పుట్టింటి నుంచి నేను అడిగి తెచ్చుకున్నవి ఆరు నేత చీరలు. మిగతావన్నీ అప్పటికే చాకలామెకి ఇచ్చేశామని మా వదిన చెప్పింది. అంటే ఇవి పాడైతే మళ్లీ అడగడానికి ఇంకేమీ లేవు. కట్టీ కట్టీ మెత్తబడిన ఆ చీరలు చేతిలో పట్టుకుంటే బరువే తెలిసేది కాదు. పెట్టెలో దాచడం కంటే బొంత కుట్టి రోజూ కప్పుకోవడం మేలనిపించింది. గళ్ల కాగితం మీద బొమ్మ గీశాను. నిలువు తొంభై అంగుళాలు, అడ్డం అరవై, ఆరంగుళాల చదరాలు నూట యాభై. చీరకు ఇరవై అయిదు చొప్పున, అదీ గట్టిగా నిలిచిన కొంగుల నుంచి. కుట్టులోకి పోయే అరంగుళం కూడా కలిపాను. పసుపు మరకలున్న చోటూ, తాళంచెవులు ముడేసుకున్న మూల తుప్పు పట్టిన చోటూ వదిలేసి మంచివే ఎంచి కోశాను.

బుధవారానికి నూట యాభై ముక్కలూ సిద్ధమయ్యాయి. కుట్టేటప్పుడు జారకుండా ఉంటాయని వాటిని ఉతికి, గంజి పెట్టి, డాబా మీద వరసకు పదేసి ఆరేశాను. మావైపు గంజి పెట్టని బట్ట బట్టే కాదు. అయితే అంచు కుట్టని పాత నేతబట్టను నీళ్లలో జాడిస్తే ఏమవుతుందో నా లెక్కలో లేదు. పోగులు ఊడి, ఒకదానితో ఒకటి చిక్కుపడి, గంజికి అట్టకట్టి, ఎండేసరికి డాబా నిండా పిచ్చుక గూళ్లు పెట్టినట్టుంది. చిక్కు విడదీయబోతే చేతికే ఊడొచ్చాయి. మర్నాడు పొద్దున మిగిలిన చీరలు వరండాలో పరిచి, ఇంకో నూట యాభై కోద్దామని మళ్లీ కత్తెర తీసుకున్నాను. తప్పు గంజిది, కొలతది కాదని నా నమ్మకం.

అప్పుడే మజ్జిగ పోసే అవ్వ వచ్చింది. కొడుకు ఫ్యాక్టరీకి పోతూ బండి మీద మా వీధి మొదట్లో దింపేవాడు. అవ్వకు రెండు కళ్లకూ పొరలు. గిన్నెలో వేలు పెట్టి మజ్జిగ ఎంత వచ్చిందో చూసుకునేది. చూపున్న రోజుల్లో గౌడవెల్లిలో సగం ఇళ్లకు బొంతలు కుట్టిన మనిషి.

"ఏంది పంతులమ్మా, పొద్దుగాల్నే కత్తెర పట్టినవ్? సల్లకు గిన్నె తేపో" అంది.

జరిగింది చెప్పాను. గళ్ల కాగితం గురించి కూడా చెప్పాను.

"బొంత గుట్టుమంటే ఎక్కాల పుస్తకం గుడుతున్నవా!" అని నవ్వింది. గట్టిపడ్డ ముక్క ఒకటి చేతికిచ్చాను. వేళ్లతో చాలాసేపు తడిమింది. నవ్వు ఆగిపోయింది.

"మీ అమ్మను ఇంకెన్ని ముక్కలు జేస్తవ్ బిడ్డా?" అంది.

కత్తెర కింద పెట్టేశాను. అవ్వ దాన్ని అటు తోసేసి, చీర అంచు పంట కొరికి, రెండు చేతులా పట్టి చీల్చింది. "చింపితే మాత్రం ముక్కలు కావా అవ్వా?" అన్నాను.

"కావు. పోగు ఎటు వోతే అటే పోతది. గీ కొస నుంచి గా కొస దాంక పొడుగు పొడుగే ఉంటది. కోసుడు వేరు, చింపుడు వేరు."

అలా మొదలైంది. కింద పాత దుప్పటి పరిచి, పట్టీల అంచులు లోపలికి మడిచి, నిలువు పట్టీలు పక్కపక్కన వేసి కొసలు కుట్టాం. అడ్డం పట్టీని ఒకదాని కింది నుంచి, ఒకదాని మీది నుంచి దూర్చుకుంటూ పోవాలి. రెండూ కలిసిన ప్రతిచోటా నాలుగు కుట్లు. పట్టీ ఒకచోట మూడు వేళ్ల వెడల్పు, ఒకచోట అయిదు. ఏ రంగు పక్కన ఏ రంగు అని అవ్వను అడిగితే, "నాకేం కండ్లున్నయా? చేతికొచ్చిందే మంచిది" అనేది. సూదిలో దారం ఎక్కించడం నా పని, తడిమి కుట్టడం ఆమె పని. ఒక వారానికి నేనూ కళ్లు మూసుకుని కుట్టి చూశాను. నా కుట్లు అప్పుడే కాస్త కుదురుకున్నాయి.

ఒకనాడు నడిమి వరసలో ఒక పట్టీ రెండు పట్టీల మీదుగా దాటేసి ఉండటం చూశాను. అప్పటికి దాని తరవాత పది వరసలు అయిపోయాయి. విప్పేద్దామన్నాను.

అవ్వ వేలితో ఆ చోటు వెతికి పట్టుకుంది. "ఉండనీ. ఆడ మీ అమ్మకు జర కూసోబుద్దయింది. కూసోనీ."

మా అమ్మ కూర్చోగా నేను చూసింది తక్కువ. విప్పలేదు.

ఆ బొంత ఇప్పటికీ నా మంచం మీదుంది. ఒక వైపు జానెడు ఎక్కువ, ఏ మూలా నేరుగా లేదు. 2004లో అవ్వ కొడుకు శామీర్‌పేట వైపు మారిపోయాడు. తరవాత అవ్వ పోయిందని విన్నాను, ఏ రోజో చెప్పగలిగినవాళ్లు దొరకలేదు. పుస్తకంలో జూన్ 18 తరవాత బొంత గురించి ఒక్క అక్షరం లేదు. పట్టీలెన్నో, కుట్లెన్నో, ఏనాటికి పూర్తయిందో నాకు తెలియదు. పోయినవి మాత్రం 17వ తేదీ కింద రాసి ఉన్నాయి. కొంగులు ఆరు. అమ్మ వాటిని కట్టిన కాలం ఇరవై రెండేళ్లు. నాకు పట్టింది నాలుగు రోజులు.