మాట్లాడుతూ తొక్కిన సైకిలు

సెత్రాక్ మేస్త్రి బతుకంతా లిఫ్టులతోనే గడిచింది. బేరూత్ నగరంలో నదికి ఇటుపక్క మా బుర్జ్ హమూద్ పేటలోనూ, అటుపక్క అష్రఫీయే పేటలోనూ ఆయన చెయ్యి పడని లిఫ్టు అరుదు. మా బిల్డింగు లిఫ్టు బిగించిందీ ఆయనే. అది తన మాట వింటుందన్న ధీమాతోనే ఎనిమిదో అంతస్తులో ఇల్లు కొనుక్కున్నాడు. మెట్లెందుకు కట్టారని ఎవరైనా అడిగితే, "పూలకుండీలు పెట్టుకోవడానికి" అనేవాడు.

ఆ తర్వాత కరెంటు పోయింది. మామూలుగా పోయి వచ్చే కరెంటు కాదు. ఊరంతటికీ రోజుకు గంటో, రెండు గంటలో వచ్చే రోజులవి. జనరేటర్‌వాడు అమ్మే కరెంటు ఫ్రిజ్జుకూ నాలుగు బల్బులకూ బొటాబొటిగా సరిపోయేది. లిఫ్టు కింది అంతస్తులో తలుపు తెరుచుకుని అలాగే ఆగిపోయింది. పిల్లలు దాంట్లో దాగుడుమూతలు ఆడుకునేవాళ్ళు.

మాది నాలుగో అంతస్తు. నేను ఇంట్లోనే బట్టలు సరిచేసి కుట్టి ఇస్తాను కాబట్టి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. అరవై దాటిన సెత్రాక్ మేస్త్రి సంచీతో ఎక్కి వస్తూ మా గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడటం మొదట చూసింది నేనే. ఓ కుర్చీ తెచ్చి బయట వేశాను. ఆయనకు కోపం వచ్చింది.

"నేనేమన్నా ముసలాణ్ణా, రుదైనా?"

"కుర్చీ మీకని ఎవరన్నారు మేస్త్రీ? సంచీకి."

రెండో వారానికి సంచీ నేల మీద, ఆయన కుర్చీలో. ఒక మధ్యాహ్నం అలా కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. మొహం పిండి చల్లినట్టు తెల్లబడింది. నొప్పి ఛాతీలో కాదు, దవడలో అన్నాడు. కింద కూరగాయల కొట్టువాళ్ళు, నా భర్త కలిసి అదే కుర్చీతో సహా దించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూసుకుపోయిన రక్తనాళం తెరిచి, లోపల సన్నని గొట్టం పెట్టి పంపించారు. తిరిగి వచ్చేటప్పుడూ కుర్చీలోనే మోసుకెళ్ళారు. ఆగిపోయిన తన లిఫ్టు పక్కనుంచి వెళ్తున్నప్పుడు ఆయన కళ్ళు మూసుకోవడం చూశాను.

ఆ తర్వాత కొన్ని నెలలు ఆయన కిందికి దిగలేదు. భార్య అజ్నీవ్ తాడు కట్టిన బుట్టను బాల్కనీలోంచి వదిలి కూరలు పైకి లాక్కునేది. గుండె డాక్టరు ఘిన్వా అనే ఆవిడ. పరీక్షలన్నీ చేసి ఖచ్చితంగా చెప్పింది. మెట్ల జోలికి ఇప్పుడే పోవద్దు, అలాగని మంచం పట్టనూ వద్దు, ఇంట్లోనే రోజూ కొంచెం కొంచెంగా గుండెకు పని చెప్పాలి, ఛాతీలోనో దవడలోనో నొప్పి వస్తే వెంటనే ఆపెయ్యాలి.

అజ్నీవ్ తమ్ముడు తన ట్రెడ్‌మిల్ పంపించాడు. దాన్ని ఎనిమిదో అంతస్తుకు ఎక్కించినవాళ్ళు దారి పొడుగునా దాన్ని పంపినవాణ్ణి తిట్టారు. మొదటి రోజు సెత్రాక్ దాని మీద నిలబడి మీట నొక్కగానే ఆ అంతస్తంతా చీకటి. రెండో రోజు ఏడో అంతస్తు కూడా.

ఏడో అంతస్తులో ఉండే జార్జెట్ అత్తకు ఎనభై ఏళ్ళు. ఆవిడ మెట్ల మీదకొచ్చి పైకి అరిచింది. "నాయనా సెత్రాక్, నీ గుండె బాగుపడేలోపు నా ఫ్రిజ్జులో మాంసం కుళ్ళిపోయేట్టుంది."

దాంతో ట్రెడ్‌మిల్ మీద అజ్నీవ్ దుప్పట్లు ఆరేసుకుంది. మూతపడిన ఒక వ్యాయామశాల నేలమాళిగలో పాత సైకిలొకటి పడి ఉందని సెత్రాక్‌కు గుర్తొచ్చింది. ఉన్నచోటే ఉండి తొక్కే రకం. ముందు బరువైన ఇనప చక్రం, దాన్ని ఒరుసుకునే పట్టీ, పట్టీని బిగించే మర. కరెంటుతో పని లేదు. తెప్పించి, వరండాలో పాత పేపర్లు పరిచి ముక్కలు ముక్కలుగా విప్పాడు. అరిగిన పట్టీ తీసి, పాత లిఫ్టు బ్రేకులోంచి కోసిన ముక్క అమర్చాడు. ఆ వారం రోజులూ ఆయన మొహంలో జబ్బు కనిపించలేదని అజ్నీవ్ నాతో అంది.

తొక్కడం మొదలుపెట్టాక ఆయనకు ఇంకో ఆసక్తి పుట్టింది. యంత్రం సంగతి తెలిసింది, దాన్ని తిప్పుతున్న తన సంగతేమిటి? మణికట్టు మీద వేళ్ళు పెట్టుకుని నాడి చూసుకునేవాడు. ఎంత తొక్కినా అది పెద్దగా పరిగెత్తడం లేదని కంగారుపడి డాక్టరుకు ఫోన్ చేశాడు.

"మీకిచ్చిన మాత్రలు నాడిని పట్టి ఉంచుతాయి. ఆ అంకెను నమ్మకండి, మాటను నమ్మండి" అంది ఆవిడ.

"మాటనా?"

"తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట వస్తోందంటే పని చాలట్లేదు. మాట తెగిపోతోందంటే ఎక్కువైంది. పక్కన ఎవర్నన్నా కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పండి."

చిక్కంతా అక్కడే వచ్చింది. సెత్రాక్ మాటకారి కాదు. పెళ్ళయి నలభై ఏళ్ళకు దగ్గరపడుతున్నా ఆ ఇంట్లో మాటలంటే ఉప్పుందా, తలుపేశావా, అంతే. అజ్నీవ్ చిక్కుళ్ళు ఒలుచుకుంటూ సైకిలు పక్కన స్టూలు మీద కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏదో ఒకటి చెప్పు" అంది.

"ఏం చెప్పను?"

"నాకేం తెలుసు? పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడివి. ఈ మధ్యలో ఏం చేశావో నువ్వెప్పుడన్నా చెప్పావా?"

అలా మొదలైంది. లిఫ్టుల్లో ఇరుక్కుపోయినవాళ్ళ సంగతులు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. వండిన గొర్రెతో ఇరుక్కున్న వంటవాడు. ఇరుకు బూట్లు విప్పుకుని, పక్కవాడు ఎక్కడ చూస్తాడోనని చీకట్లోనే మళ్ళీ వేసుకున్న జడ్జి. మొదటి రోజుల్లో రెండు వాక్యాలకే ఆయాసం వచ్చేది. మర వదులు చేసి, నెమ్మదించి, మళ్ళీ అందుకునేవాడు. కొన్ని వారాలకు అదే బిగువు మీద సగం కథ చెప్పగలిగాడు. అప్పుడు మర ఇంకాస్త తిప్పాడు. ఎక్కగానే వేగం అందుకునేవాడు కాదు, దిగే ముందూ అంతే. పరుగు మీదున్న లిఫ్టును ఒక్కసారి ఆపితే ఏమవుతుందో తనకు తెలుసు అనేవాడు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, మా బిల్డింగులో వంటిళ్ళ కిటికీలన్నీ నడుమ ఉన్న గాలి సందులోకే తెరుచుకుంటాయి. సైకిలు వాళ్ళ వంటింటి పక్కనే. ఆయన మాట సందులోంచి ఒక్కో అంతస్తూ దిగి వచ్చేది. ఆ వేళకు నేను కుట్టు మిషను ఆపేసేదాన్ని. నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆ వేళకు ఏ వంటింట్లోనూ గిన్నె చప్పుడు కూడా వినిపించదని తర్వాత గమనించాను.

నెలకోసారి డాక్టరు ఇంటికే వచ్చి చూసేది. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. సెత్రాక్ ఎన్నాళ్ళనుంచో దాచుకున్న ప్రశ్న బయటపెట్టాడు.

"డాక్టరమ్మా, లిఫ్టుకు అవతలి కొసన ఎదురు బరువు కడతాం. ఒకటి పైకి పోతే రెండోది కిందికొస్తుంది. అందుకే మోటారు మీద భారం పడదు. మరి గుండె ఒక్కటే రక్తాన్నంతా కాళ్ళ దాకా పంపి మళ్ళీ పైకెలా లాగుతుంది? దానికి సాయం ఎవరు?"

ఆవిడ చెవుల్లోంచి గొట్టాలు తీసి ఆయన కాళ్ళ వైపు చూసింది.

"నన్నెవరూ ఇలా అడగలేదు. మీ పిక్కలు. అవి బిగిసినప్పుడల్లా రక్తనాళాల్లోని రక్తాన్ని పైకి పిండుతాయి. వెనక్కి జారకుండా మధ్యమధ్య చిన్న తలుపులుంటాయి. మీరు తొక్కుతున్నంతసేపూ మీ కాళ్ళు గుండెకు చెయ్యందిస్తున్నట్టే."

"తలుపులు ఒకవైపే తెరుచుకుంటాయా?"

"ఒకవైపే."

సెత్రాక్ ప్యాంటు మడిచి తన పిక్కను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఆ సాయంత్రమే అజ్నీవ్‌నూ, తమ గుమ్మం ముందు దొరికిన ప్రతివాళ్ళనూ మునివేళ్ళ మీద లేచి దిగమని, పిక్క పట్టుకుని చూడమని చెప్పాడట. జార్జెట్ అత్త మాత్రం, "నా పిక్క పట్టుకునే వయసు నీకు దాటిపోయింది నాయనా" అందట.

అప్పట్లోనే నదికి అటుపక్క జరిగిన ఒక కథ మొదలుపెట్టాడు. యుద్ధకాలంలో సంగతి. ఒక కుర్రాడు పిల్లను అడగడానికి మిఠాయి పెట్టెతో వచ్చాడు. పిల్ల తండ్రి అప్పటికే ఒకసారి కాదన్నాడు. లిఫ్టు తలుపు మూసుకునే వేళకు ఆ తండ్రే లోపలికొచ్చాడు. రెండు అంతస్తుల మధ్య ఉండగా కరెంటు పోయింది. ఇద్దరే, చీకట్లో. సెత్రాక్‌ను పిలిచేసరికి చాలా సేపైంది.

"లిఫ్టు పైకప్పు మీదికి దిగాను. చిన్న తలుపు తీసి, టార్చి వేసి చూద్దును కదా..." అన్నాడు.

అప్పుడే అజ్నీవ్ పొయ్యి మీది పాలు పొంగాయి. ఆవిడ పరిగెత్తింది. సైకిలు చక్రం ఆగిన చప్పుడు.

"చూస్తే? ఏం కనపడింది నాయనా?" అంది ఏడో అంతస్తు కిటికీలోంచి జార్జెట్ అత్త.

"కొట్టుకున్నారా?" రెండో అంతస్తులోంచి ఇంకెవరో అడిగారు.

ఎనిమిదో అంతస్తు కిటికీ మూసుకుంది.

సిగ్గుపడే మనిషికి అంతకన్నా ఏం కావాలి? ఆయన సైకిలు ముందుగదిలోకి మార్చేశాడు. వారం గడిచింది. బిల్డింగంతా ఆ లిఫ్టులోనే ఇరుక్కుపోయింది. చివరికి జార్జెట్ అత్త ఒక అంతస్తు ఎక్కి వాళ్ళ తలుపు కొట్టింది. తోడుకు నన్ను లాక్కెళ్ళింది.

"తప్పు మాదే. దొంగచాటుగా విన్నాం. ఇప్పుడు ఎదురుగా వచ్చి అడుగుతున్నాం, చెప్పు" అంది.

సెత్రాక్ మెడ గోక్కున్నాడు. "చెప్పడానికేముంది అత్తా? టార్చి వేశాను. ఇద్దరూ నేల మీద కూర్చుని మిఠాయి తింటున్నారు. ఆ పెద్దాయన నా వైపు చూసి, 'మూసెయ్ మేస్త్రీ, మా మాట ఇంకా పూర్తవలేదు' అన్నాడు. మూసేసి పైకప్పు మీద కూర్చున్నాను."

"పెళ్ళి జరిగిందా?"

"నాకేం తెలుసు? ఇంకో బిల్డింగు నుంచి పిలుపొచ్చింది. దించేసి పోయాను."

జార్జెట్ అత్త కర్ర నేలకు కొట్టింది. "ఇన్నేళ్ళూ అది తెలుసుకోకుండా అన్నం ఎలా తిన్నావురా? ఆ బిల్డింగు ఉందా, పడిపోయిందా?"

"ఉంది. వంతెన దాటగానే."

"అయితే పోయి కనుక్కో."

అందరూ నవ్వారు, సెత్రాక్ తప్ప. ఆయన కిటికీలోంచి వంతెన వైపు చూస్తున్నాడు. మర్నాడు డాక్టరుకు ఫోన్ చేసి, వంతెన దాటి రావచ్చా అని అడిగాడు. ఆవిడ ఆసుపత్రికి రమ్మంది. మళ్ళీ కుర్చీలోనే దించి తీసుకెళ్ళారు. ఆవిడ వైర్లు తగిలించి తొక్కించింది, నడిపించింది. మాట తెగకుండా ఉంటే, ప్రతి రెండు అంతస్తులకూ ఆగితే వెళ్ళవచ్చని ఒప్పుకుంది. ముందు కొన్నాళ్ళు ఏడుకు దిగి ఎక్కాడు, తర్వాత ఆరుకు, ఆ తర్వాత మా ఇంటికి. మా ఇంట్లో కాఫీ తాగి, చెమట తుడుచుకుని, నాడి పట్టుకుని మళ్ళీ ఎక్కేవాడు.

చలి మొదలైన ఒక ఉదయం, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎనిమిది అంతస్తులూ దిగి వీధిలోకి వెళ్ళాడు. అజ్నీవ్ బాల్కనీలో నిలబడి ఆయన మలుపు తిరిగేదాకా చూసింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. నేను కింది గుమ్మం దగ్గరే ఉన్నాను, ఏదో పని కల్పించుకుని.

"ఏమైంది మేస్త్రీ?"

"ఎక్కుతూ చెప్తాను. మాట తెగితే ఆపు."

రెండో అంతస్తు దాకా ఆ బిల్డింగు సంగతే చెప్పాడు. లిఫ్టు ఇంకా అదే, తలుపులు మాత్రం మార్చారట. అక్కడ ఆగాం. రెండో అంతస్తువాళ్ళు తలుపు తీశారు. నాలుగుకు వచ్చేసరికి కథలో ఆ పిల్ల దొరికింది. ఇప్పుడు మనవళ్ళున్న మనిషి, అదే ఇంట్లో ఉంటోంది. ఆరో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఊపిరి అందుకునేసరికి మా వెనక నలుగురు చేరారు, పైనుంచి జార్జెట్ అత్త తొంగిచూస్తోంది.

"ఆవిడ్ని అడిగాను. పెళ్ళయిందా అని. నవ్వింది. 'మా నాన్నకు అతను తెగ నచ్చాడు. అతనికి మా నాన్న నచ్చాడు. నాకే నచ్చలేదు. నేనే వద్దన్నాను. అయినా మా నాన్న పోయేదాకా అతను ప్రతి గురువారం వచ్చి ఆయనతో పాచికలాట ఆడేవాడు, నేను టీ ఇచ్చేదాన్ని' అంది."

"మంచి పని చేసింది పిల్ల" అంది జార్జెట్ అత్త.

మిగిలిన రెండు అంతస్తులూ ఆయన గోడ పట్టుకోకుండా ఎక్కాడు. ఆయాసం ఉంది, కానీ మాట తెగలేదు. గుమ్మంలో నిలబడ్డ అజ్నీవ్, చొక్కా కాలర్ తడిసిందని మార్చుకోమంది.

ఇప్పుడు డాబా మీద సోలార్ పలకలు వచ్చాయి, ఎండ ఉన్నంతసేపు లిఫ్టు నడుస్తుంది. నూనె వేసేదీ, తాళ్ళు చూసేదీ ఆయనే. ఎక్కేది మాత్రం బరువులుంటేనే. జబ్బు పోయిందని డాక్టరు అనలేదు, మాత్రలు మానొద్దంది. కానీ సంచీతో మా గుమ్మం దాటుతూ ఆయన ఇప్పుడు ఏదో ఒకటి అడుగుతాడు: పిల్లికి నాడి ఎంత వేగం, నిద్రలో గుండె ఏం చేస్తుంది అని. నాకు తెలియదంటే, కనుక్కుని వచ్చే వారం చెప్తానంటాడు.

మొన్న నేను పైకి వెళ్ళినప్పుడు సైకిలు మీద అజ్నీవ్ ఉంది. పావడా మోకాళ్ళ దాకా మడిచి, నిదానంగా తొక్కుతోంది. సెత్రాక్ స్టూలు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు, సరిగా రావడం లేదు. ఆవిడ ఏదో చెబుతోంది. పెళ్ళికి ముందు తను పనిచేసిన బూట్ల ఫ్యాక్టరీ గురించనుకుంటాను. నన్ను చూసి ఆపేసింది.

"తర్వాత రా చెల్లెమ్మా, మధ్యలో ఉన్నాం" అన్నాడు సెత్రాక్.