పాట ఆపే కాలు

రిటైరయ్యాక బాంజో ఎందుకు నేర్చుకున్నావని చాలామంది అడుగుతారు. న్యూజిలాండ్ దక్షిణపు కొసలోని ఈ ఇన్వర్‌కార్గిల్ చలి ఎరిగినవాళ్ళు మాత్రం అడగరు. ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం మానేశాక వచ్చిన మొదటి చలికాలం, నేనూ మా ఆయనా ఒకే హీటర్ ముందు కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ గడిపాము. ఆయన తన కార్ల వర్క్‌షాపు అప్పటికే అమ్మేశారు. మేము చెప్పుకోవలసిన మాటలన్నీ, ఇక్కడ నడిచలికాలమైన జూలై లోపే అయిపోయాయి.

మా వీధి చివర కమ్యూనిటీ హాల్లో బుధవారం మధ్యాహ్నాలు కొందరు పెద్దవాళ్ళు చేరి బ్లూగ్రాస్ వాయించేవారు. అవి అమెరికా కొండప్రాంతాల పాటలు. భూగోళానికి ఈ కొసన ఉన్న ఊరికి అవెలా వచ్చాయో నేను అడగలేదు, నేనెలా వచ్చానో వాళ్ళూ అడగలేదు. ఆ హాల్లో హీటర్ బాగా పనిచేస్తుందని విని వెళ్ళాను. ఊరికే కూర్చున్నవాళ్ళను చూస్తే ఒళ్ళు మండే ఒక పెద్దావిడ, డప్పుకు పొడుగు మెడ, తీగలు బిగించినట్టుండే బాంజో ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

ఆవిడ వాయించేది ఫిడేలు. వయసు ఎనభై దాటింది. జీవితమంతా గొర్రెల ఫారంలో గడిపిన మనిషి కాబట్టి నాకు పాఠం చెప్పడం ఆవిడకు కష్టమనిపించలేదు. ప్రతి సోమవారం మా ఇంటికొచ్చి నేర్పేది. పాఠం అయ్యాక మామిడికాయ పచ్చడి కలిపిన అన్నం తిని, కళ్ళూ ముక్కూ తుడుచుకుని, "బాగుంది" అని వెళ్ళిపోయేది. నా వాయింపు గురించి ఆ మాట ఎప్పుడూ అనలేదు.

మా ఆయన అభిప్రాయం మొదటి రోజే తేలిపోయింది.

"గిదేం సప్పుడే? రేకుల షెడ్డు మీద రాళ్ళవాన పడ్డట్టున్నది."

"గట్లనిపిస్తే గరాజ్ల కూసోండ్రి," అన్నాను.

ఆయన వెళ్ళి నిజంగానే గరాజ్‌లో కూర్చున్నారు. పోతూ పోతూ హీటర్ కూడా తీసుకుపోయారు. ఆ వారమే ఇంకో హీటర్ కొనుక్కున్నాము.

వేళ్ళు నెమ్మదిగా దారికొచ్చాయి. దారికి రానిది కాలు. ఈ పాటలకు ఒక పద్ధతి ఉంది. అందరూ గుండ్రంగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. ఒకరు పాట ఎత్తుకుంటారు. అది తిరిగి తిరిగి మొదటికి వస్తూ సాగుతూనే ఉంటుంది. ఎత్తుకున్నవారే ఆపాలి. అందరి చేతులూ వాయిద్యాల మీద ఉంటాయి, ఆ మోతలో నోటిమాట వినబడదు. అందుకని ఆపదలచినవారు ఒక కాలు పైకెత్తుతారు. అది చూసి, ఆ చుట్టు పూర్తికాగానే అందరూ ఒక్కసారిగా ఆపుతారు.

నేను పెరిగిన ఇంట్లో కాలు పుస్తకానికి తగిలితే పుస్తకం కళ్ళకద్దుకోవాలి. పెద్దల ముందు కాళ్ళు చాపి కూర్చుంటే మా నాయనమ్మ తొడపాశం పెట్టేది. ఇప్పుడు నాకు విద్య నేర్పిన మనిషి, గడ్డం కింద ఫిడేలు పెట్టుకుని సరిగ్గా నా ఎదురుగా కూర్చుంటే, ఆవిడ మొహానికి నా అరికాలు చూపించాలి. పాట ఎత్తుకోకపోతే ఆ గొడవే ఉండదని, నా వంతు వచ్చినప్పుడల్లా వద్దని తల ఊపాను. వాళ్ళు నాకు సిగ్గెక్కువ అనుకున్నారు. వరంగల్ బస్టాండులో నేను సీటు కోసం పోట్లాడటం వాళ్ళు చూసి ఉండరు.

ఒకసారి బలవంతం చేస్తే తప్పక ఎత్తుకున్నాను. ఆపవలసిన చోట కనుబొమలు ఎగరేశాను. తల ఊపాను. దగ్గాను. ఎవరూ నా మొహం చూడలేదు, అందరి చూపూ నా కాలి మీదే. అది నేలకు అతుక్కుపోయింది. పాట తిరుగుతూనే ఉంది. చివరికి గిటారు వాయించే రిటైరైన బస్సు డ్రైవరు తీగ తెగడంతో ఆగింది.

"మీ దేశంలో పాటలు ఇంత పొడుగ్గా ఉంటాయా?" అని అడిగాడాయన.

"ఉంటాయి," అన్నాను. ఆయన గౌరవంగా తల పంకించి కొత్త తీగ బిగించుకున్నాడు.

ఈ ఏడాది చలి మొదలయ్యేసరికి పెద్దావిడ కుడి మణికట్టు వాచింది. కమాను పట్టుకుంటే నొప్పి. డాక్టరు ఫిడేలు మానెయ్యమన్నాడు. కొడుకు ఎక్కడో ఉత్తరాన, ఆక్లాండ్ నగర శివారు హాబ్సన్‌విల్‌లో కొత్తిల్లు కొని, వచ్చి తమతో ఉండమన్నాడు. ఫిడేలు తీసుకెళ్తారా అని అడిగితే, "అక్కడ గోడలు పల్చన" అంది. చివరి సోమవారం అన్నం తిన్నాక, పళ్ళెం జరిపి చెప్పింది.

"బుధవారం ఆఖరి పాట నువ్వు ఎత్తుకో. నీకు మొట్టమొదట నేర్పిందే."

"అలాగేనండీ."

"ఆపాల్సింది కూడా నువ్వే. నా చెయ్యి ఎక్కువసేపు నిలవదు. కానీ అందరూ వాయిస్తుంటే నేను ముందు కమాను దించను. అది నావల్ల కాదు."

ఆవిడ వెళ్ళాక గరాజ్‌లోకి పోయి మా ఆయనతో నా బాధ చెప్పుకున్నాను.

"ఇన్నేండ్లు నా దిక్కు కాళ్ళు చాపి టీవీ చూసినవ్ గదా. గప్పుడు యాదికి రాలే?" అన్నారు.

"మీరేం నేర్పిన్రని?"

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించారు. "డ్రైవింగ్," అన్నారు.

బుధవారం హాల్లో కూర్చోగానే కుడికాలి షూ విప్పేశాను. చెప్పుకాలు చూపించడం కన్నా మేజోడు నయమని నా లెక్క. బస్సు డ్రైవరు అది చూసి గౌరవంగా తల పంకించాడు. ఇది కూడా మా దేశపు ఆచారమే అనుకుని ఉంటాడు.

ఆఖరి పాట ఎత్తుకున్నాను. మొదటి చుట్టు ఆవిడ హాయిగా వాయించింది. తర్వాత పెదవి కొరుక్కోవడం మొదలుపెట్టింది. ఫిడేలు గొంతు సన్నబడింది. నేను కాలు ఎత్తితే ఈ ఫిడేలు ఆగిపోతుంది, మళ్ళీ మొదలవదు. ఎత్తకపోతే ఆ చెయ్యి ఇలాగే నలుగుతుంది. రెండూ తెలిసి కూడా ఇంకో చుట్టు తిప్పాను. ఆవిడ వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ఏడుపు ఆగలేదు. బాంజో మోతలో పక్కవాళ్ళకు కూడా వినబడలేదు.

ఆవిడ మోచెయ్యి వణకడం చూశాను. కాలు ఎత్తాను. దించడం మరిచిపోయి ఆ చుట్టంతా అలాగే ఎత్తి ఉంచాను. అందరూ ఒకే దెబ్బన ఆపారు. నా కాలు ఇంకా గాల్లోనే ఉంది.

ఆవిడ ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని, ముందుకు వంగి, రెండు చేతులతో నా పాదం పట్టుకుంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"మంచుగడ్డలా ఉంది," అంది. వాచిన చేత్తోనే మేజోడు మీద రుద్దడం మొదలుపెట్టింది. "నేను వెళ్ళాక, వచ్చే బుధవారం షూతోనే ఎత్తు."

మా నాయనమ్మ ఎక్కడున్నా ఇటు చూడకూడదని మొక్కుకున్నాను. కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.