ఆగస్టు మొత్తం నలభై ఒకటి

2004 ఏప్రిల్ 19, సోమవారం నాడు, ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, ఒక వస్తువును పాడుచేయమని నన్ను అధికారికంగా కోరారు.

రాజోలు దగ్గర ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నేను రికార్డు గుమాస్తాను. 1969 నుంచి అక్కడి కాన్పుల రిజిస్టర్లు నా చేతిలోనే ఉన్నాయి. తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, తారీకు, గంట, ఆడా మగా. ఒక పేజీకి ఆరు వరుసలు. తప్పు పడితే చెరపకూడదు. ఎర్ర సిరాతో ఒక్క గీత కొట్టి, సరైనది కింద కొత్త వరుసగా రాసి సంతకం చేయాలి. రబ్బరు అనే వస్తువు నా బల్ల మీద ఎన్నడూ లేదు.

ఆ ఏడు ఆసుపత్రికి ఒక కంప్యూటరు వచ్చింది. రిజిస్టర్లన్నీ అందులోకి ఎక్కించాలని మా సూపరింటెండెంటు డాక్టరమ్మగారు నిర్ణయించారు. ప్రోగ్రాము రాసిన అమ్మాయి అమలాపురంలో ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పేది. మా ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన, నేను అక్కగారు అని పిలిచే ఆవిడ కూతురు. చిన్నప్పటి నుంచి నన్ను బాబాయిగారు అనే పిలిచేది.

"బాబాయిగారండీ, ఇది సరిగ్గా పనిచెయ్యాలని నేను రాసేను. చెడగొట్టడం మీ వంతండి. మీ అంత అనుమానం మనిషి జిల్లాలో దొరకలేదు నాకు."

"పొగడ్తా అది?"

"ఆయ్, పొగడ్తేనండి. సగం."

ఆమె చెప్పిన పద్ధతి విని నేను ఆశ్చర్యపోయాను. అది నా పద్ధతే. ఫైలులో ఏ వరుసా చెరగదు, మారదు. కొత్తది ఎప్పుడూ చివరనే చేరుతుంది. దిద్దుబాటు కూడా మరో వరుసే. ప్రతి వరుస వెనుక ఆ వరుసలోని అక్షరాలన్నిటినీ కలిపి కట్టిన ఒక సరిచూపు అంకె ఉంటుంది. ఒక్క అక్షరం మారినా అంకె కుదరదు. కరెంటు పోయి మళ్లీ వస్తే, ప్రోగ్రాము ఫైలును మొదటి నుంచి చదువుకుంటూ వచ్చి, సగం రాసిన ఆఖరి వరుసను తీసివేసి, మిగిలినది భద్రమని చెబుతుంది.

చెబుతుంది సరే, నిజమో కాదో చూడాలి కదా. ఒక నోటుబుక్కులో మూడు గడులు గీశాను: ఏం చేశాను, ఏమని చెప్పింది, ఏం జరిగింది. అరవై పరీక్షలు అనుకున్నాను. వరుస రాస్తూ ఉండగా గోడ దగ్గర ప్లగ్గు లాగడం, మళ్లీ పెట్టడం, లెక్కపెట్టడం.

పద్నాలుగో పరీక్షలో తెర మీద "చేరింది" అని వచ్చాక ప్లగ్గు లాగాను. యంత్రం మళ్లీ లేచేసరికి ఆ వరుస లేదు. దాని ముందు చేరిన తొమ్మిది వరుసలూ లేవు. పదిసార్లు చేరింది అని చెప్పి, పదింటినీ పోగొట్టుకుంది. తప్పు చేసే మనుషులను చూశాను. తప్పు చేసి, చేయలేదని నమ్మేదాన్ని అప్పుడే చూశాను.

"అదింకా డిస్కు మీదకి చేరలేదండి," అంది ఆమె, తెర వంక చూస్తూ. "దాని జ్ఞాపకంలోనే పెట్టుకుని అయిపోయిందనేసింది. డిస్కు మీద పడ్డాకే చేరిందనేలా మారుస్తానండి."

"మారుస్తావు. మారకపోతే నాకు తెలిసేది ఎలా?"

"మీరున్నారు కదండి, లాగడానికి."

ఆ పరీక్షల మధ్యలోనే, మే 6న, ఒక స్త్రీ మూడోసారి మా గదికి వచ్చింది. ముమ్మిడివరం దగ్గర ఊరు. 2002లోనూ, 2003లోనూ వచ్చింది. తన పుట్టిన తారీకు ధ్రువపత్రం కావాలి. చిన్నప్పుడు అక్కతోపాటు బడికి వెళ్లి కూర్చుంటే, మాస్టారు ఇద్దరికీ కలిపి ఒకే సంవత్సరం వేసేశారట. బడి లెక్కలో ఆమె 1972లో పుట్టింది. వాళ్లమ్మ మాత్రం 1974 ఆగస్టులో మీ ఆసుపత్రిలోనే కన్నానంటుంది. ఆమె దరఖాస్తు పెట్టదలచిన ఆరోగ్యశాఖ ఉద్యోగానికి ముప్పై ఏళ్లు దాటకూడదు. బడి లెక్కన ఎప్పుడో దాటాయి. తల్లి లెక్కన ఇది ఆఖరి ఏడు. గడువు జూన్ 30.

ఆ రోజు తల్లి కూడా వచ్చింది.

"రెండుసార్లు చూశానమ్మా," అన్నాను. "1974 ఆగస్టులో ఇక్కడ ఇరవై తొమ్మిది కాన్పులు. ఇరవై తొమ్మిదీ చదివాను. మీ పేరు లేదు."

"ఉంటాదండి. ఆ రోజు ఒకటే వాన. నన్ను పడవలో తెచ్చేరు. మీరే రాసేరు, ఆ బల్ల మీదే."

"వానను రిజిస్టరులో రాయమమ్మా."

"మరైతే మా పిల్లెక్కడ పుట్టిందో మీరే చెప్పండి బాబూ. నాకు తెలవట్లేదు."

కూతురు ఆమె మొహం చూడకుండానే చేయి పట్టుకుని లేపింది. మా రిజిస్టర్లలో నమోదు లేదు అన్న వాక్యాన్ని మూడోసారి కాగితం మీద రాసి, తారీకు వేసి ఇచ్చాను.

ముప్పై ఒకటో పరీక్షలో రెండో దెబ్బ తగిలింది. అప్పటికి పాత రిజిస్టర్లలో రెండు వేల వరుసలు ఎక్కించి ఉన్నాం. వేరే ప్రోగ్రాముతో ఆ ఫైలు తెరిచి, నూట ముప్పై తొమ్మిదో వరుసలో ఒకే ఒక్క అక్షరం మార్చి మూశాను. మళ్లీ మొదలుపెడితే తెర మీద "ఫైలు కోలుకుంది" అని వచ్చింది. లెక్కపెట్టాను. నూట ముప్పై ఎనిమిది వరుసలున్నాయి.

ఫోను చేస్తే ప్రోగ్రాము రాసిన అమ్మాయి మధ్యాహ్నం బస్సుకే వచ్చింది. చాలాసేపు చూసి, కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"చెడ్డ వరుస కనబడితే అక్కడి నుంచి కత్తిరించెయ్యమని రాసేనండి. చెడేది ఆఖరి వరుసేనని అనుకున్నాను. మధ్యలో చెడొచ్చని తోచలేదు."

"ఒక్కటి చెడితే మంచివి పద్దెనిమిది వందల అరవై ఒకటి పారేసింది. పారేసి కోలుకున్నానంటుంది."

"ఆయ్," అంది. ఫ్లాపీల్లో నకలు ఉంది కాబట్టి సరిపోయింది. చెడ్డదాన్ని గుర్తుపెట్టి పక్కన ఉంచి, తరువాతివి చదివేలా మార్చింది. ఆ రోజే నేను ఇంకొకటి కోరాను. సరిచూపు అంకె ఉన్న వరుసనే సరిచూస్తుంది. అసలు లేని వరుసను ఏ అంకె పట్టుకుంటుంది? మా ప్రతి రిజిస్టరు చివరా ఒక పట్టిక ఉంటుంది. నెల తిరగగానే అప్పటి పెద్ద డాక్టరమ్మగారు కాన్పుల గదికి వెళ్లి లెక్క చూసుకుని, మొత్తం తన చేత్తో వేసి సంతకం చేసేవారు. ఆ మొత్తంతో వరుసల లెక్క కుదిరితేనే ప్రోగ్రాము ఆ నెలను అంగీకరించాలి అన్నాను.

"మంచి మాటండి," అని రాసుకుంది.

మే 24న 1974 రిజిస్టరు ఎక్కించాం. జనవరి కుదిరింది. జూలై వరకూ కుదిరింది. ఆగస్టు దగ్గర ఆగింది. పట్టికలో మొత్తం నలభై ఒకటి, వరుసలు ఇరవై తొమ్మిది.

ప్రోగ్రాము తప్పన్నాను. రెండు రోజులు ఆమె ప్రోగ్రామునంతా గాలించింది. నేను వరుసలను వేలు పెట్టి లెక్కించాను. ఇరవై తొమ్మిదే. పట్టికలో నలభై ఒకటే.

"బాబాయిగారండీ," అంది చివరికి, నెమ్మదిగా, "ఈ రిజిస్టరు మీరు ఎత్తి రాసిందా?"

ఔను. 1996 నవంబరు తుఫానులో గది పెంకులు లేచిపోయి, బీరువా కింది అరలోని అయిదు రిజిస్టర్లు నీళ్లలో నానాయి. నాలుగు నెలలు కూర్చుని అయిదింటినీ కొత్త పుస్తకాల్లోకి ఎత్తి రాశాను. ఆ పని చూసి అందరూ మెచ్చుకున్నారు. 1974 పుస్తకానికి ఎడమ అంచు చివికిపోయి వరుస సంఖ్యలు ఊడిపోయాయి. అందుకని సంఖ్యలు నేనే మొదటి నుంచి వేసుకుంటూ వచ్చాను. ఎక్కడా ఖాళీ లేకుండా, ముత్యాల్లాగా.

నానిన పుస్తకంలో రెండు ఆకులు అతుక్కుంటే లోపల రెండు పేజీలు కనబడవు. రెండు పేజీలకు పన్నెండు వరుసలు. నలభై ఒకటిలో నుంచి పన్నెండు తీస్తే ఇరవై తొమ్మిది.

ఆ తీసివేత కాగితం మీద వేసి చూశాను. మళ్లీ వేశాను. అంకెలను తప్ప దేన్నీ నమ్మనని చెప్పుకునేవాణ్ణి, ఆ పట్టికను నా చేత్తో ఎత్తి రాస్తూ, పక్క పేజీలతో ఒక్కసారి కలిపి లెక్కపెట్టలేదు. పైగా సంఖ్యలు వేసి ఆ లోటును పూడ్చేశాను. పన్నెండు మందిని పారేసి, పుస్తకం కోలుకుందని సంతకం చేశాను.

"అసలు పుస్తకం ఏదండి?" అని అడిగింది.

మా వైపు రాత ఉన్న కాగితాన్ని పొయ్యిలో పెట్టరు. ఏ మతం వారైనా పాతబడిన పుస్తకాలను ఏట్లో కలుపుతారు. 1997 మార్చిలో నేనే ఆ అయిదు పుస్తకాలనూ గుడ్డలో కట్టి అంతర్వేది తీసుకెళ్లి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట పడవ మీద నుంచి వదిలాను. చేతులు జోడించాను కూడా.

చెప్పాను. ఆమె సంచీ తీసుకుని లేచింది.

"మా అమ్మ కాన్పుల గదిలో సొంతంగా రాసుకునేదండి, పెన్సిలుతో. ఆ నోటుబుక్కులు పెట్టెలో ఉండాలి. రండి."

అక్కగారు వరండాలో చేట ముందేసుకుని కూర్చున్నారు. విషయం విని నవ్వారు. "తమ్ముడుగారూ, ఆ నోటుబుక్కుల్ని చూసి మీరే కదా వెటకారం చేసేరు, సాకలి పద్దులని."

"అన్నానండి."

"గుర్తుంది చాలు. ఆ కింది పెట్టె తీయించండి."

1974 ఆగస్టు. కొన్ని కాన్పులే వివరంగా, మిగిలినవి పొడిపొడి మాటల్లో. నా దగ్గరున్న ఇరవై తొమ్మిదికి ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. టిక్కు పడనివి పది తేలాయి. ఆ నెలలో అక్కగారు రెండు రోజులు సెలవులో ఉన్నారు. మిగిలిన రెండూ ఆ రోజుల్లోనివే అయి ఉండాలి. పదింటిలో నాలుగోది: పదిహేడు, శనివారం, మధ్యాహ్నం రెండు నలభై. ఆ తల్లి పేరు. ఆ ఊరు. ఆడపిల్ల. చివర ఒక మాట: వాన.

ఆ మాట మీద నా వేలు ఆగిపోయింది.

సూపరింటెండెంటు డాక్టరమ్మగారు అంతా విని, నా మీద జాలితోనే, సులువైన దారి చెప్పారు. "ఆ ఒక్క పుస్తకం మళ్లీ ఎత్తి రాసేయండి. ఆ పదీ వాటి చోట్లలోనే పడిపోతాయి. రిటైర్మెంటుకి ఏడాది ఉంది మీకు. మీ తప్పు మీరే రాసుకోడం ఎందుకండీ?"

అరవై పరీక్షల నోటుబుక్కు నా చేతిలోనే ఉంది. "శుభ్రంగా ఎత్తి రాసే పోగొట్టానమ్మగారూ," అన్నాను. "చివరనే రాస్తాను."

ఆ రోజు నడుస్తున్న రిజిస్టరులో, ఆఖరి కాన్పు కింద, పన్నెండు వరుసలు గీశాను. పైన ఇలా రాశాను: 1974 ఆగస్టు నెలలో జరిగిన ఈ కాన్పులను 1996, 97లలో ప్రతి తీసేటప్పుడు నేను వదిలివేశాను, వీటికి ఆధారం కాన్పుల గది నోటుబుక్కు, లేవని ఇచ్చిన నా జవాబులు తప్పు. సంతకం, తారీకు. పది వరుసలు నింపాను. రెండు ఖాళీగా ఉంచాను. డాక్టరమ్మగారు కింద సంతకం చేశారు.

మర్నాడు ముమ్మిడివరం బస్సెక్కి వెళ్లి తల్లీకూతుళ్లకు నేనే చెప్పాను. కూతురు గుమ్మంలోనే నిలబడి విన్నది.

"రెండేళ్లండి," అంది. "మా అమ్మ అబద్ధమాడుతుందని నేను ఆవిడతో మాట్లాడ్డం మానేసేను, తెలుసాండి?"

తెలియదని తల అడ్డంగా ఊపాను.

జూన్ 3న ఇద్దరూ ధ్రువపత్రం కోసం వచ్చారు. ఆమె వరుసను కంప్యూటరులో కూడా చివర చేర్చాం. "చేరింది" అని వచ్చింది. ప్రోగ్రాము రాసిన అమ్మాయి నా వంక చూసింది. నేను ఆ స్త్రీకి గోడ దగ్గర ప్లగ్గు చూపించాను.

"లాగమ్మా."

"పోతుందేమోనండి."

"పోతే ఇప్పుడే తెలియాలి."

లాగింది. తెర నల్లబడింది. మళ్లీ పెట్టి, లేచేదాకా నలుగురం నిలబడే ఉన్నాం. వరుస ఉంది.

"అయితే ఇప్పటికి పుట్టిందాండి మా పిల్ల?" అంది తల్లి.

"పుట్టిందమ్మా. పదిహేడో తారీకు, రెండు నలభైకి."

"వానో?"

"వాన కూడా రాశాను."

దరఖాస్తు జూన్ 22న అందింది. వయసు సరిపోయిందని ఒప్పుకున్నారు. మరుసటి ఏడు ఆమె ఉద్యోగంలో చేరింది.

ఎత్తి రాసిన అయిదు రిజిస్టర్లనూ నెల నెలా పట్టికతో కలిపి చూశాను. ఇంకెక్కడా తేడా లేదు. ఖాళీగా ఉన్న రెండు వరుసల కోసం, వచ్చిన ప్రతివారినీ అడుగుతూ రిటైరయ్యే రోజు దాకా వెతికాను. ఆ ఇద్దరూ కూడా ఎప్పుడో నా గదికి వచ్చి ఉండవచ్చు. లేదని రాసి పంపి ఉంటాను. ఎవరికి అలా రాసి ఇచ్చానో చూద్దామని కాగితాలన్నీ తిరగేశాను. ఇచ్చిన ప్రతి ధ్రువపత్రానికీ నా దగ్గర నకలు ఉంది. లేదని ఇచ్చిన జవాబుకు మాత్రం నకలు ఒక్కటి కూడా లేదు. లేనిదానికి నకలు దేనికని, ముప్పై అయిదేళ్లలో ఒక్కసారీ ఉంచలేదు.