పెద్దమ్మకు ఎన్నేళ్లు?

పెద్దమ్మకు సొంత వయసంటూ లేదు. ఎదురుగా ఎవరుంటే వాళ్ల వయసే ఆవిడ వయసు. బస్సెక్కగానే సీటు కోసం ఎనభై రెండు. సీటు దొరికాక పక్కనున్నావిడ "ఈ వయసులో ఒక్కరే తిరుగుతున్నారా?" అని జాలిపడితే చాలు, దిగేలోపు అరవైకి వచ్చేస్తుంది. ఒక్క టిక్కెట్టు మీద ఇరవై రెండేళ్లు తగ్గిన మనిషిని ఆ కండక్టర్లు ఇంకెక్కడా చూసి ఉండరు.

"పెళ్లినాడు నాకంటే నాలుగేళ్లు చిన్నది. ఇప్పుడు పదిహేనేళ్లు చిన్నది. ఇలాగే సాగితే దీన్ని నేనే బళ్లో వేసి రావాలి," అనేవాడు పెదనాన్న.

"మీరు గబగబా ముసలాళ్లైపోతే నా తప్పా?" అనేది పెద్దమ్మ.

ఈ గోల భరించలేక నలిగిపోయింది మాత్రం పై వాటాలో భర్తతో, కూతురితో కాపురముండే పెద్దమ్మ చెల్లెలి కూతురు. ఆమె ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. తప్పు కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు. హోటల్లో కూర్చుంటే ముందు మెనూ కార్డు దిద్ది, ఆ తర్వాతే ఏం తినాలో చెబుతుంది. అందుకే పెద్దమ్మ ఆమెకు దిద్దుళ్లమ్మ అని పేరు పెట్టింది.

"పెద్దమ్మా, పక్కింటావిడతో నలభై తొమ్మిదన్నావట! నీ కొడుక్కి నలభై ఆరే!"

"అయితే ఏం? వాడు మొదట్నుంచీ అన్నిట్లోనూ తొందరే."

ఆ పక్కింటావిడకు ఆ వారమే నలభై తొమ్మిది నిండాయనీ, ఇక తన బతుకు అయిపోయిందని ఏడుస్తూ కూర్చుందనీ దిద్దుళ్లమ్మకు తెలియదు. తెలిసినా దిద్దేదే.

సోమవారం వచ్చిందంటే పెద్దమ్మ టీ ఫ్లాస్కూ, బిస్కెట్ల డబ్బా సంచిలో పెట్టుకుని బయలుదేరేది.

"ఎక్కడికి?"

"నా ఈడు వాళ్లను కలవడానికి."

"ఏ ఈడు?"

"అక్కడ ఎవరుంటే ఆ ఈడు."

ఇంతకు మించి ఆవిడ నోట్లోంచి మాట రాలేదు.

ఒక సోమవారం దిద్దుళ్లమ్మ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. వాళ్లు వేయిస్తున్న చిన్న పుస్తకం ప్రూఫులు చూపించాలి. రొమ్ము క్యాన్సర్ విభాగం ముందునుంచి నడుస్తుంటే వెయిటింగ్ హాల్లోంచి తెలిసిన గొంతు వినబడింది.

"నాకూ సరిగ్గా నీ వయసులోనే వచ్చిందమ్మా. ఇరవై తొమ్మిది! ఇప్పుడు చూడు, గుండ్రాయిలా లేనూ?"

తలకు స్కార్ఫు కట్టుకున్న అమ్మాయి కళ్లు తుడుచుకుని బిస్కెట్టు అందుకుంది. అమ్మాయిని లోపలికి పిలిచారు. పెద్దమ్మ రెండు కుర్చీలు పక్కకు జరిగి, గోడవంక చూస్తున్న స్కూలు టీచరు పక్కన చేరింది.

"యాభై మూడా? ఎంత విచిత్రం! నాకూ యాభై మూడులోనే వచ్చింది టీచరుగారూ."

టీచరు ముఖం తిప్పి ఆవిణ్ని పైనుంచి కిందకు చూసింది. ఆ చూపు నెమ్మదిగా మెత్తబడింది. గుమ్మం దగ్గర నిలబడ్డ దిద్దుళ్లమ్మ చెయ్యి మాత్రం ఎర్ర పెన్ను కోసం సంచిలో దేవులాడుతోంది.

తిరిగొచ్చే బస్సులో కడిగిపారేసింది.

"నీకు రెండుసార్లు వచ్చిందా?"

"ఒక్కసారే. ఒక్కసారి చాలదూ?"

"మరి జబ్బుతో ఉన్నవాళ్ల దగ్గర అబద్ధాలా! రేపు బయటపడితే?"

"బయటపడేసరికి వాళ్లకు నయమైపోతుందిలే."

"తప్పు కదా పెద్దమ్మా?"

"తప్పే," అంది పెద్దమ్మ కిటికీలోంచి చూస్తూ. "నువ్వున్నావుగా దిద్దడానికి."

ఆ తర్వాత చాన్నాళ్లు ఆ మాట వాళ్లిద్దరి మధ్యా రాలేదు. ఒక ఉదయం స్నానం చేస్తుండగా దిద్దుళ్లమ్మ ఎడమ రొమ్ములో, చంక వైపుగా, గట్టిగా ఏదో చేతికి తగిలింది. బఠాణీ గింజంత. నొప్పి లేదు. నొప్పి లేదు కదా ఏం కాదులే అనుకుంది. కానీ ప్రెస్సులో చదివిన పేజీయే మళ్లీ చదివి, కళ్లెదుట ఉన్న అచ్చుతప్పును వదిలేసింది. సాయంత్రం ఇంటికి వచ్చాక పెద్దమ్మ తన వయసు ముప్ఫై ఎనిమిదంటే "అలాగే" అంది.

పెద్దమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏమైందే నీకు? నన్ను దిద్దలేదు!"

అప్పుడు చెప్పింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆసుపత్రిలో ఉన్నారు. పరీక్షలయ్యాయి, ముక్క తీసి పంపారు, ఫలితం వచ్చింది. అదే జబ్బు.

"చిన్నదిగా ఉన్నప్పుడే వచ్చారు, మంచి పని చేశారు," అంది డాక్టరమ్మ.

"నాకు నలభై ఒకటే డాక్టరుగారూ. చిన్న వయసులో వస్తే బతకరంటారు..."

"వయసు ఒక్కటే చూసి ఎవరూ ఏమీ చెప్పలేరమ్మా. గడ్డ ఏ రకమో, ఎంతవరకు పాకిందో, వైద్యానికి ఎలా లొంగుతుందో, అన్నీ చూడాలి. మీకు మొదట్లోనే దొరికింది. నయమయ్యే అవకాశం బాగా ఉంది."

బయటకొచ్చి కుర్చీలో కూలబడింది దిద్దుళ్లమ్మ. పదకొండేళ్ల కూతురు కళ్లముందు మెదిలింది. డాక్టరమ్మ మాటల్లో ఒక్కటీ తలకెక్కలేదు. పెద్దమ్మ చేతిని పట్టుకుని అడిగింది.

"పెద్దమ్మా, నాకూ చెప్పవూ? నలభై ఒకటిలోనే వచ్చిందని చెప్పు."

"నీకు చెప్పను."

"అందరికీ చెప్పావుగా!"

"వాళ్లు దిద్దరు. నువ్వు దిద్దుతావు. అందుకే నీకు నిజం చెబుతాను." పెద్దమ్మ గొంతు తగ్గించింది. "ముప్ఫై నాలుగే నాకు. నీ అన్నయ్య రెండో తరగతి. నువ్వు రెండేళ్ల పిల్లవి, నా ఒళ్లోంచి దిగేదానివి కాదు. ఈ హాల్లోనే కూర్చున్నాను. చుట్టూ అందరూ మా అమ్మ ఈడు వాళ్లు. నన్ను చూసి చప్పరించడం తప్ప మాట్లాడినవాళ్లు లేరు. నా వయసులో వచ్చి బతికినది ఒక్కతి, ఒక్కతి కనబడితే చాలని గుమ్మంవంక చూస్తూనే ఉన్నానే. ఎవరూ రాలేదు. అప్పుడనుకున్నాను, నేను గనక బయటపడితే ఎవరికి ఏ వయసు కావాలంటే ఆ వయసు నేనే అవుతానని."

దిద్దుళ్లమ్మ పెద్దమ్మ భుజాన తల ఆనించింది.

"మరీ అంత వాలకే," అంది పెద్దమ్మ. "డెబ్భై మూడేళ్ల భుజం."

ఆవిడ అసలు వయసు ఆవిడ నోటే దిద్దుళ్లమ్మ వినడం అదే మొదలు.

ఆపరేషనైంది. మందులెక్కించారు. జుట్టు రాలింది, నోరు చేదెక్కింది, సహనం చచ్చింది. పెద్దమ్మ పక్కన కూర్చుని మందుల డబ్బాల మీది అచ్చుతప్పులు వెతికించేది. దొరికినప్పుడల్లా దిద్దుళ్లమ్మకు కాస్త ప్రాణం లేచొచ్చేది. హాల్లో ఆ స్కార్ఫు అమ్మాయి, టీచరు ఆమెకు స్నేహితులయ్యారు. వాళ్లు చికిత్స ముగించుకుని పరీక్షలకు మాత్రమే వస్తున్నారు. పెద్దమ్మ టీ కప్పులు కడగడానికి వెళ్లినప్పుడు దిద్దుళ్లమ్మ ఉండబట్టలేక అసలు సంగతి బయటపెట్టేసింది.

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు.

"మాకెప్పుడో తెలుసు," అంది టీచరు. "యాభై మూడులో వస్తే ఇరవై తొమ్మిదిలో ఎలా వస్తుందమ్మా? లెక్కల టీచర్ని నేను."

"మరి అడగలేదేం?"

"ఆ రోజు నాకు ఆ మాట కావాల్సొచ్చింది," అంది స్కార్ఫు అమ్మాయి.

దిద్దుళ్లమ్మకు చికిత్స పూర్తయింది. పరీక్షల్లో ఏమీ మిగల్లేదన్నారు. జుట్టు మొలకలెత్తుతుండగా ఆమె చేసిన మొదటి పని తన వృత్తి ధర్మం. ముగ్గురూ కూడబలుక్కుని సోమవారాలు హాలుకు రావడం మొదలుపెట్టారు. నలభై లోపువాళ్లొస్తే స్కార్ఫు అమ్మాయి, నలభైల్లో వాళ్లకు దిద్దుళ్లమ్మ, యాభైల్లో వాళ్లకు టీచరు. ఎవరి వయసు వాళ్లు, నిజమైనది, చెప్పుకోవడం. పెద్దమ్మకు అరవై దాటినవాళ్లను మాత్రమే వదిలారు.

"నా ఉద్యోగం ఊడబెరికారు కదే!" అని మూతి ముడుచుకుంది పెద్దమ్మ.

అలా ఉండగా ఒకావిణ్ని కొడుకు చెయ్యి పట్టి తీసుకొచ్చాడు. ఆవిడ కుర్చీలో కూర్చోనంటోంది.

"డెబ్భై మూడేళ్లొచ్చాయి నాకు. ఇంకెందుకురా ఈ కోతలూ సూదులూ? ఇంటికి పద."

పెద్దమ్మ గొంతు సవరించుకుంది. దిద్దుళ్లమ్మవంక ఓరగా చూసింది. "నాకూ డెబ్భై మూడే," అంది.

ఆవిడ ఎగాదిగా చూసింది. "చాల్లే సంబడం. నీకు అరవై కూడా ఉండవు."

పెద్దమ్మ మొహం మతాబాలా వెలిగింది. "ఒట్టు! ఇదే జబ్బు నాకు ముప్ఫై నాలుగులో వచ్చింది. ముప్ఫై తొమ్మిదేళ్లయింది."

ఆవిడ మనసులో కూడుకుంది. "అంటే నేనూ ఇప్పుడు వైద్యం చేయించుకుంటే నూట పన్నెండు దాకా ఉండాలా? అమ్మో, మా కోడలు ఊరుకోదు!"

"ఊరుకోకపోతే మా ఇంటికి వచ్చెయ్యి."

ఆవిడ ఫక్కున నవ్వింది. కొడుకు చెయ్యి వదిలించుకుని, శాలువా పెద్దమ్మ ఒళ్లో పడేసి, పిలవగానే తనే లోపలికి నడిచింది.

తిరుగు బస్సులో పెద్దమ్మ కనబడినవాళ్లందరికీ అడక్కుండానే డెబ్భై మూడని చెప్పింది, ఎవరూ నమ్మరన్న ధీమాతో. చాలామంది మర్యాదకు నమ్మలేదు. కండక్టరు మాత్రం వెంటనే నమ్మేశాడు. అతనితో ఆవిడ దిగేదాకా మాట్లాడలేదు.