భ్రమరాంబ పప్పులో రాయి లేదు

ముక్కామలలో తద్దినం పెట్టే ఇళ్లవాళ్లు భోక్తలతో పాటే భ్రమరాంబకీ కబురు పెడతారు. ఆవిడ వస్తానన్నాకే భోక్తల్ని పిలిచే ఇళ్లు కూడా ఉన్నాయి. గుడిలో అర్చకత్వం చేసే భర్త సంపాదన ఇల్లు గడవడానికి చాలక, ఇరవయ్యేళ్ల కిందట తద్దినం వంటలకు ఒప్పుకుంది. అప్పటి నుంచి మడి కట్టుకుని రుబ్బురోలు ముందు కూర్చుని మినప్పప్పు రుబ్బుతూనే ఉంది. ఆవిడ గారెలకు ఊళ్లో పేరుంది. ఆ పేరు గురించి ఎవరూ ఎదురుగా చెప్పరు గానీ, ఇంకెవరైనా వండిన రోజున భోక్తలు రెండో గారె వద్దంటారు. భ్రమరాంబకు ఆ సంగతి తెలుసు, తెలియనట్టు ఉంటుంది.

రెండేళ్లుగా మోకాళ్లు మాట వినడం మానేశాయి. ఇక కింద కూర్చోకూడదని డాక్టరు తేల్చి చెప్పాడు. కింద కూర్చోకపోతే రుబ్బడం ఎలా? ఆవిడ ఆరు నెలలు ఆలోచించి, మడికి వేరుగా ఒక గ్రైండరు కొనుక్కోవడానికి ఒప్పుకుంది. అదీ ఆషాఢమాసం తగ్గింపు ధరల్లో.

అమలాపురంలో పాత్రల దుకాణంలో కౌంటరు చూసేది ఉదయభాస్కర్. అతను మర్యాదకు పెట్టింది పేరు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, గ్రైండరు చూపించాడు.

"పప్పు నానబెట్టే ఉందండి. ఐదు నిమిషాల్లో తిప్పి చూపించేస్తామండి, అమ్మగారూ."

భ్రమరాంబ కుర్చీలోంచి సగం లేచింది. "వద్దు బాబూ. దాంట్లో మీ నీళ్లు చుక్క పడ్డా నాకు పనికిరాదు. అది మడికి వాడుకునే మిషను. అట్టపెట్టె కూడా విప్పకండి."

"ఆయ్, మీ ఇష్టమేనండి" అన్నాడు ఉదయభాస్కర్. బిల్లు మీద 'డెమో వద్దన్నారు' అని ఒక ముక్క రాశాడు. ఆ రాత చూసి ఆవిడ సంతోషించింది కూడా. తన మడికి రసీదు దొరికినట్టనిపించింది పాపం.

ఆషాఢంలో కొత్త వస్తువు వాడకం మొదలుపెట్టరు కాబట్టి పెట్టె అలాగే గదిలో మూల ఉండిపోయింది. శ్రావణమాసం మొదటి శుక్రవారం తలంటుకుని, పెట్టె విప్పి, మిషనుకు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. కొని అప్పటికి పంతొమ్మిది రోజులు. కొత్త రాళ్లకు పొడి ఉంటుందని రెండుసార్లు తౌడు పోసి తిప్పి పారబోసింది. తర్వాత గుప్పెడు పప్పు వేసి చూసుకుంది. పిండి బాగానే వచ్చింది.

కొన్నరోజే చూసుకోవద్దా అని ఇప్పుడు అందరూ అంటున్నారు. చూసుకోవాలి, కాదనే వాళ్లెవరు? మరి ఆషాఢంలో సగం ఊరు కొత్త వస్తువు ముట్టుకోదని తెలిసి, ఆషాఢంలోనే గొంతు చించుకుని అమ్మేవాళ్లను ఏమనాలో కూడా అందరూ చెబితే బాగుండేది.

ఇరవై మూడో రోజున అచ్యుతరామయ్య తండ్రిగారి తద్దినం. రిటైరైన సంస్కృతం మాస్టారు ఆయన, ఊళ్లో ఆయన మాటంటే మాటే. గ్రైండరు భ్రమరాంబ ఇంట్లో ఉంది కాబట్టి, తెల్లవారుజామునే అక్కడ రెండు కిలోల పప్పు రుబ్బి, పిండి గిన్నె మడిగా తీసుకెళ్లింది. భోక్తలు కూర్చున్నారు. రెండో గారె దగ్గర పెద్ద భోక్త దవడ ఆగింది. టక్కున విరిగిన చప్పుడు వంటింట్లో ఉన్న భ్రమరాంబకు వినపడింది. భోజనం మధ్యలో లేవకూడదు, ఉమ్మకూడదు. ఆయన కళ్లు మూసుకుని ఒక్క గుక్క నీళ్లు తాగి మింగేశారు. చేతులు కడుక్కున్నాక పుక్కిలిస్తే పన్ను ముక్క బయటపడింది.

భ్రమరాంబ చేతిలో గరిటె పక్కన పెట్టింది. ఇంటికి పరిగెత్తినంత పనిచేసి గ్రైండరు మూత తీసి చూసింది. లోపల తిరిగే రెండు రాళ్లలో ఒకదాని అంచు, బొటనవేలి గోరంత మేర పెచ్చు ఊడిపోయి ఉంది. గోటితో తడిమితే ఇంకా రాలుతోంది. తిరిగొచ్చి, రాయి విరిగింది మాస్టారూ, వచ్చి చూడండి అని బతిమాలింది. ఆయన రాలేదు.

"పోనీలే అమ్మా. పప్పు ఏరేటప్పుడు రాయి కంటికి ఆని ఉండదు. కళ్లకీ వయసు మీద పడింది కదా, మేమేం అనుకోవట్లేదులే" అన్నారు.

ఆ మాటతో వారం తిరిగేసరికి రెండిళ్లు వేరే వంటావిడను మాట్లాడుకున్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. అనకుండానే మానేశారు. మోకాళ్లు పోయినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదు భ్రమరాంబకు. ఇరవయ్యేళ్లు పప్పును చాటలో పోసి, మళ్లీ పళ్లెంలో పోసి, రెండుసార్లు ఏరిన మనిషి ఆవిడ.

తద్దినం మర్నాడే ఏలీయా ఆటోలో గ్రైండరు పెట్టించుకుని అమలాపురం వెళ్లింది. ఏలీయా దాన్ని ఎత్తబోయి ఆగాడు.

"ముట్టుకోవచ్చాండి, అమ్మగారూ?"

"ముట్టుకో నాయనా. దాని మడి నిన్ననే పోయింది" అంది ఆవిడ.

ఉదయభాస్కర్ మళ్లీ కుర్చీ వేశాడు, మళ్లీ మంచినీళ్లిచ్చాడు. ఆ దుకాణంలో లేదు, కుదరదు అన్న మాటలు వినపడవు. అక్కడన్నీ ‘అండి’తోనే అయిపోతాయి.

"ఏడు రోజుల్లోపు తేవాలండి. అదిగోండి, గోడమీద బోర్డు ఉంది కదండి. పైగా డెమో మీరే వద్దన్నారు కదండి."

"విప్పిందే పంతొమ్మిదో రోజున, బాబూ."

"అది మా తప్పు కాదు కదండి."

అవును, అతని తప్పేమీ కాదు. అతను రాయి వైపు చూడనే లేదు. గ్రైండరు మీద పసుపు వైపు మాత్రం చూశాడు. పసుపు పూశారు గనుక వాడినట్టే లెక్కట, బొట్టు పెట్టిన సరుకు కంపెనీ తీసుకోదట. బిల్లు తిప్పి అడుగున అచ్చేసిన వాక్యం వేలితో చూపించాడు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. మేనేజరు ఊళ్లో లేడనీ, రెండు రోజులాగి రమ్మనీ అన్నాడు. రెండు రోజులాగి వెళితే మేనేజరు భోజనానికి వెళ్లాడట. రెండు గంటలు కూర్చున్నాక ఉదయభాస్కరే వచ్చి, చాలా మెత్తగా అన్నాడు.

"పప్పులో రాయి పడి ఉంటుందండి. దాని దెబ్బకి గ్రైండరు రాయి విరిగిందండి. పప్పు సరిగ్గా ఏరుకోవాలి కదండి."

మెత్తగా అన్నా, భ్రమరాంబకు ఒళ్లు మండిపోయింది. ఇక్కడా అదే మాట. మోసుకెళ్లిన మిషను మోసుకుని వెనక్కి వచ్చింది.

పక్కవీధిలో యామిని ఉంది. అమలాపురంలో ఒక వకీలు దగ్గర టైపు పని చేస్తుంది. ఆ సాయంత్రం జరిగిందంతా చెప్పి, బిల్లు ఆమె చేతిలో పెట్టింది భ్రమరాంబ. యామిని బిల్లు రెండువైపులా చదివి అడిగింది.

"ఇందులో ఏడు రోజులని ఎక్కడుందండి, పిన్నిగారూ?"

"గోడమీద ఉందమ్మా."

"గోడమీద రాసుకుంటే సరిపోదండి. బిల్లులో గడువు రాయకపోతే ముప్ఫై రోజులండి, చట్టంలో అలాగే ఉంది. ఆ గడువులోగా లోపమున్న సరుకు తీసుకుని డబ్బు ఇవ్వనంటే వాళ్లదే తప్పండి. వాపసు తీసుకోబడదని అచ్చేసుకున్నంత మాత్రాన చెల్లదండి."

"మరి పసుపో?"

"పసుపు రాస్తే రాయి విరుగుతుందాండి?"

భ్రమరాంబ ఆ మాటకు నవ్వలేదు. రోజులు లెక్కపెట్టుకుంది. ఇరవయ్యారు అయిపోయాయి. మేనేజరు లేడని తిప్పింది, ముప్ఫై దాటాలనేనా అని అప్పుడు అనుమానం వచ్చింది. యామిని వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను కలిపి ఇచ్చింది. అటువైపు మనిషికి భ్రమరాంబ గ్రైండరు కథ మొదలుపెట్టి తద్దినం దాకా చెప్పుకుపోతుంటే, లోపం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పండమ్మా అన్నారు. ఒక్క వాక్యంలో చెప్పడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. చివరికి ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఆ నంబరు వేసి, రాయి ఫోటోలు అంటించి, యామిని ఉత్తరం రెండు ప్రతులు టైపు చేసింది. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం తీసుకోమంది.

ఇరవై ఎనిమిదో రోజున దుకాణం నిండా శ్రావణమాసం జనం. ఏలీయా మళ్లీ గ్రైండరు దించి బల్ల పక్కన పెట్టాడు. ఉదయభాస్కర్ ఉత్తరం చదివాడు. మొదటిసారి కుర్చీ వేయడం మరిచిపోయాడు. లోపలికి వెళ్లి ఎవరితోనో ఫోను మాట్లాడాడు. ఊళ్లో లేని మేనేజరు లోపలి నుంచే వచ్చాడు. కాసేపటికి డబ్బూ, ఒక కాగితమూ బల్లమీదికి వచ్చాయి.

"మీరు పెద్దవారండి. మీ ముఖం చూసి తీసుకుంటున్నామండి. ఇక్కడో సంతకం పెట్టండి, చాలండి."

భ్రమరాంబ కళ్లజోడు పెట్టుకుని చదివింది. యంత్రంలో ఎటువంటి లోపమూ లేదనీ, వాడకంలో జరిగిన పొరపాటయినా వినియోగదారు మీద గౌరవంతో వాపసు తీసుకుంటున్నామనీ ఉంది. రెండోసారి కూడా చదివింది. కాగితం మడత పెట్టకుండా వెనక్కి జరిపింది.

"ఇది నేను పెట్టను, బాబూ."

"డబ్బు వచ్చేస్తోంది కదండి. ఇంక కాగితంలో ఏం ఉంటే ఏంటండి?"

"డబ్బు కావాలి. ఇంకో మిషను కొనకపోతే నాకు పని లేదు. కానీ మీ రాయి విరిగితే నా పప్పు అంటారేవిటి? నా పప్పు గురించి అబద్ధం మీద నేనెలా సంతకం పెడతాను?"

కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు ఇటు తిరిగారు. ఉదయభాస్కర్ గొంతు తగ్గించి, లోపల కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. ఇక్కడే నిలబడతానంది. ఒక చెయ్యి బల్ల అంచుకు ఆనించుకుంది. ఏలీయా అడగకుండానే గ్రైండరులోంచి విరిగిన రాయి తీసి బల్లమీద పెట్టాడు. భ్రమరాంబ దాని మొండి అంచును గోటితో నొక్కింది. ఇంకో పెచ్చు ఊడి బిల్లుల పుస్తకం మీద పడింది. పప్పు లేదు, నీళ్లు లేవు, ముసలిదాని గోరు ఒక్కటే.

"ఇప్పుడేం ఏరుకోమంటారు?" అంది.

గ్రైండరు బేరం చేస్తున్న ఒకామె తన సంచి తీసుకుని మెల్లగా బయటికి నడిచింది. ఉదయభాస్కర్ ఆమె వెళ్లిన వైపు చూశాడు. తర్వాత కొత్త కాగితం తీసుకుని స్వయంగా రాశాడు: రాయిలో తయారీ లోపం ఉన్నందువల్ల విరిగింది, కస్టమరు తప్పు లేదు, డబ్బు పూర్తిగా తిరిగి ఇచ్చాం. ముద్ర వేశాడు. ఆ రోజు అతను ‘అండి’ లేకుండా మాట్లాడిన మాట ఒక్కటే, తీసుకోండి అని... అందులో కూడా చివరికి అండి ఉంది.

ఇంటికి వెళదామాండి అని ఏలీయా అడిగితే, అచ్యుతరామయ్యగారి ఇంటికి పోనిమ్మంది. మాస్టారు వీధరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. ఆవిడను చూసి ఆప్యాయంగా కూర్చోమన్నారు. భ్రమరాంబ కూర్చోకుండా కాగితం అందించింది. ఆయన దాని మీది ముద్ర వరకూ చూసి, చదవకుండానే తిరిగి ఇవ్వబోయారు.

"ఇవన్నీ ఎందుకమ్మా ఇప్పుడు. వచ్చేనెల అమ్మ తద్దినానికి వేరేవాళ్లకి చెప్పేసేం. నీకూ విశ్రాంతిగా ఉంటుందని. ఆనాటి సంగతి మేం ఎప్పుడో మర్చిపోయేం. నీ మీద మాకేం కోపం లేదు, క్షమించేసేం."

చట్టం తిరిగి ఇప్పించగలిగిందంతా ఆవిడ కొంగుముడిలో ఉంది. పోయిన పేరు మాత్రం ఏ నంబరుకు ఫోను చేస్తే వస్తుందో ఎవరూ చెప్పలేదు. భ్రమరాంబ చెయ్యి చాచలేదు, కాగితం ఆయన చేతిలోనే ఉండనిచ్చింది.

"నేను చెయ్యని దాన్ని క్షమించకండి, మాస్టారూ. ముందు అది చదవండి."

ఆయన ఇబ్బందిగా కళ్లజోడు సర్దుకుని లోలోపల చదవడం మొదలుపెట్టారు.

"గట్టిగా చదవండి" అంది భ్రమరాంబ. "లోపల మీ ఆవిడగారికి కూడా వినపడాలి."