బండికి రాళ్లు కట్టిన మేధావి

మీకు పనేమీ లేకపోతే కాసేపు కూర్చోండి. నాలుగు చక్రాల బండిని రెండు చక్రాల మీద నడపబోయి, స్నేహితుడి ఉద్యోగాన్నీ, తండ్రి పరువునూ, తన ప్యాంటునూ ఒకే మధ్యాహ్నం బురదపాలు చేసిన ఒక తెలివితక్కువవాడి కథ చెబుతాను. ఆ తెలివితక్కువవాణ్ని నేనే. జాలిపడకండి. అప్పటి నాలో జాలిపడదగ్గది ఏదీ లేదు.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు, పనీ లేదు, మీసం మాత్రం ఉంది. తాండూరు నుంచి కరణ్‌కోట వెళ్లే దారిలో మా నాయనకు రాళ్ల పాలిష్ యూనిట్ ఉంది. అక్కడ నీడలో కుర్చీ వేసుకుని ఫోన్‌లో రీల్స్ చూడడాన్ని నేను వ్యాపారం చూసుకోవడం అనేవాణ్ని. నాతో బడిలో చదివిన సాజిద్ మాత్రం నిజంగానే పని చేసేవాడు. వికారాబాద్ అడవి పక్కన, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లను క్వాడ్ బైకుల మీద తిప్పేవాడు. మోటారు సైకిల్ హ్యాండిల్, లావుపాటి చక్రాలు నాలుగు, చూడడానికి ట్రాక్టర్‌కు తమ్ముడిలా ఉంటుంది ఆ బండి.

సాజిద్ కూడబెట్టుకున్నదంతా పెట్టి, పాతదే అయినా మంచి జోరున్న స్పోర్ట్ క్వాడ్ ఒకటి కొన్నాడు. వికారాబాద్‌లో కొత్తగా తెరవబోయే ఒక రిసార్టుకు బళ్ల పని మొత్తం చూసుకునే మనిషి కావాలి. వాళ్ల మేనేజర్ ఆదివారం తాండూరు వచ్చి, బండినీ సాజిద్ నడిపే తీరునూ చూసి మాట చెబుతానన్నాడు. సాజిద్ వాళ్ల గల్లీలో ఆ బండి పట్టదు. అందుకని మా యార్డులో పెట్టి తాళం చెవి నా చేతికిచ్చాడు. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు ఆ పని ఎలా చేశాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సాయంత్రం వచ్చి యార్డులో సాధన చేసేవాడు. ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేపి, ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చి, పసిపిల్లను పక్కలో పడుకోబెట్టినంత మెల్లగా కిందికి దించేవాడు. మా మిషన్ల దగ్గర కూలీలు పని ఆపి చూసేవాళ్లు. నన్ను ఎవరూ అలా చూసిన పాపాన పోలేదు.

"నాకూ నేర్పియ్యి సాజిద్," అన్నాను.

"నేర్పిస్త. బొటనవేలితోని గీ రేస్ నొక్కాలె, ఒళ్లు ఎనకకు వాల్చాలె. కానీ ముందుగాల కుడి కాలు ఎనక బ్రేక్ మీద ఉండాలె. ముందు లేస్తున్నప్పుడు గది తొక్కితే బండి కిందికొస్తది. లేపుడు ఎవనికైనా వస్తది యార్, దించుడే నేర్చుకోవాలె."

"నాకు లేపుడు చాలు. దిగుడు దానంతట అదే దిగుతది."

"గట్ల దిగితే నువ్వు దవాఖానల దిగుతవ్."

అతను నాతో రోజూ ఒకటే పని చేయించాడు: కదలని బండి మీద కూర్చుని కాలి బ్రేక్ తొక్కడం. నాకు ఒళ్లు మండింది. నాలాంటి వీరుడితో కుట్టు మిషన్ తొక్కించినట్టు తొక్కిస్తాడా అనుకున్నాను. అతను లేనప్పుడు సొంతంగా ప్రయత్నిస్తే ముందు చక్రాలు ఒకసారి ఉలిక్కిపడి మళ్లీ కూలబడేవి.

ఇక నా మేధస్సు గురించి చెప్పాలి. శనివారం మధ్యాహ్నం మా గేటు ముందు ఎత్తు మీద ఒక ట్రాక్టర్ వచ్చింది. ట్రాలీ నిండా నాపరాళ్లు, బరువంతా వెనకే ఉంది. ఎత్తు ఎక్కేసరికి ట్రాక్టర్ ముందు చక్రాలు అమాంతం గాల్లోకి లేచాయి. డ్రైవర్ తిట్టుకుంటూ ఆపి, ఇద్దరు కూలీలను ముందు బంపర్ మీద కూర్చోబెట్టుకుని ఎక్కించాడు. తాండూరులో పుట్టిన ప్రతివాడూ ఈ తమాషా చూసే ఉంటాడు. దాని నుంచి పాఠం నేర్చుకున్న మహానుభావుణ్ని నేనొక్కణ్నే. వెనక రాళ్లు పెడితే ముందు దానంతట అదే లేస్తుంది కదా, ఇక నేర్చుకునేదేముంది! ముందు మనుషులను ఎందుకు కూర్చోబెట్టారో మాత్రం నా బుర్రకు ఎక్కలేదు.

సాజిద్ ఏదో సామాను కోసం వికారాబాద్ వెళ్లాడు. నేను నాపరాళ్లు మోసుకొచ్చి, క్వాడ్ వెనక ఇనుప కడ్డీకి తాడుతో బిగించాను.

నాయన ఆఫీసు గదిలోంచి తొంగిచూశాడు. "రాళ్లెందుకురా?"

"పనుంది నాయనా."

"నీకు పనా?" అని, నమ్మలేక ఒక క్షణం నిలబడి, లోపలికి వెళ్లిపోయాడు.

పుట్టింటికి వచ్చిన మా అక్కకు ఫోన్ ఇచ్చి వీడియో తీయమన్నాను.

"తమ్మీ, గీ రాళ్లేంది?" అంది అక్క.

"బ్యాలెన్స్ అక్కా. నీకు సమజ్ కాదు."

"మరి ఆడికెల్లి ఎటు పోతవ్? ఎదురుంగ పాలిష్ గుంత ఉన్నది."

"అంత దూరం పోతే గద! నువ్వు ఫోన్ సక్కగ పట్టు."

పాలిష్ గుంత అంటే, రాయి అరిగిన పొడీ నీళ్లూ కలిసిన తెల్లటి బురద వదిలే గొయ్యి. పైన ఆరి గచ్చులా కనిపిస్తుంది, లోపల పెరుగులా ఉంటుంది.

రేస్ నొక్కాను. లేచింది! నిజంగానే లేచింది! ముందు చక్రాలు నా తల కన్నా పైన తిరుగుతున్నాయి. కూలీలు పని ఆపి నన్నే చూస్తున్నారు. ఆ రెండు క్షణాలు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ తర్వాత బండి దిగాలి. దిగలేదు. వెనక తాండూరు రాయి ఉంటే ఎందుకు దిగుతుంది? నాకు ఆకాశం తప్ప ఏమీ కనిపించడం లేదు. భయంతో హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే బొటనవేలు రేస్‌ను ఇంకా నొక్కింది. బండి ఇంకా జోరందుకుంది.

సరిగ్గా అప్పుడే సాజిద్ గేట్లోకి వచ్చాడు.

"వేలు తియ్! రేస్ మీదికెల్లి వేలు తియ్! కాలి బ్రేక్ తొక్కు!"

"ఏ కాలూ?" అని అరిచాను.

"కుడి కాలు! అరే, అన్నం తినే చెయ్యి దిక్కున్న కాలు!"

అన్ని రోజులు తొక్కిన బ్రేక్ ఏ కాలి కింద ఉందో నాకు గుర్తు రాలేదు. ఏ కాలో తేల్చుకోలేక రెండు కాళ్లూ గాల్లోకి లేపేశాను. ఆ భంగిమలోనే, ఏదో దేవుడి ఊరేగింపులా, నేనూ బండీ రాళ్లూ కలిసి పాలిష్ గుంతలో దిగబడ్డాం.

నేను పైకి తేలేసరికి కళ్లు తప్ప అంతా తెలుపే. మీసం కూడా తెల్లబడింది. సాజిద్ పరుగెత్తుకొచ్చి నన్ను దాటి బండి దగ్గరకు వెళ్లాడు. అది న్యాయమే.

"రేపు మేనేజర్ వస్తుండు," అన్నాడు. అరవలేదు. "నేనేం జూపియ్యాలె ఆయనకు? గీ గుంత జూపియ్యాల్నా?"

అతను తిట్టి ఉంటే బాగుండేది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కానీ మొహం మీద బురద గట్టిపడిపోవడం వల్ల ఏడుపు కూడా సరిగ్గా రాలేదు.

నాయన వచ్చి చూశాడు. "పనుందంటే ఇదేనారా?" అని, రాళ్లు ఎత్తే క్రేన్ తెప్పించి ముందు బండిని తీయించాడు, తర్వాత నన్ను. సాయంత్రం దాకా నేను టూత్‌బ్రష్‌తో ఇంజిన్ సందులు కడిగాను. మెత్తటి బురదలో పడ్డది కాబట్టి బండికి ఏమీ కాలేదు. ఈలోగా మా అక్క చేయాల్సింది చేసింది. వీడియో నెట్‌లో పెట్టేసింది.

ఆదివారం మేనేజర్ వచ్చాడు. దిగీదిగగానే నవ్వడం మొదలుపెట్టాడు. వీడియో ఆయనా చూశాడు. సాజిద్ మొహం పాలిపోయింది.

"సార్, జర నా మాట వినుండ్రి..."

"విన్న, వీడియోల మస్తు విన్న," అన్నాడు మేనేజర్. "వేలు తియ్, కుడి కాలు తొక్కు... సచ్చేటోనికి గంత సక్కగ చెప్పినవ్. మాకు గసొంటోడే కావాలె. ఇగ నౌకరీ నీకే పక్కా. నాదొక్కటే షర్తు: గా వీడియో మాకియ్యాలె."

ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. మొన్న ఎండాకాలం సెలవుల్లో భార్యనూ బిడ్డనూ తీసుకుని వికారాబాద్ వెళ్లినప్పుడు అర్థమైంది. క్వాడ్ ఎక్కే ముందు అందరినీ షెడ్డు కింద కూర్చోబెట్టి, గోడ మీద పెద్ద టీవీలో ఆ వీడియో వేస్తారు. ఇప్పుడు పొట్ట పెంచిన సాజిద్ ముందు నిలబడి గంభీరంగా చెబుతాడు: "అందరు మంచిగ చూడుండ్రి. గీయన చేసిన పనుల్ల ఒక్కటి గుడ చెయ్యకుంటే, మీరు సల్లగ ఇంటికి పోతరు."

అందరూ పడీపడీ నవ్వారు. మా బిడ్డ అందరికంటే ఎక్కువ నవ్వింది.

"నాన్నా, గా తెల్లాయన ఎవరు?"

"ఎవరో కొడంగల్ ఆయన, బిడ్డా."

సాజిద్ నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. మా బిడ్డ నవ్వు ఆపి, నిజంగానే బాధపడుతూ అంది: "గాయనకు బిడ్డ ఉంటే పాపం, మస్తు సిగ్గుపడ్తుండొచ్చు."

కాబట్టి నా ఒంటి మీద ఆరిన ఆ తాండూరు బురద సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నాలుగు చక్రాల బండిని నాలుగు చక్రాల మీదే నడుపుతాను. రాళ్లను నేల మీదే పరుస్తాను. కొడంగల్ వాళ్లు పెద్ద మనసు చేసుకుని నన్ను క్షమించాలి.